బొమ్మకు బురద ఎందుకు పూశానంటే

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీరంతా ఇంటికి వచ్చినప్పుడు, అల్మారాలో నేను ప్లాస్టిక్ ముక్కలు అంటించి చేసి పెట్టిన బొమ్మ బండిని చూసి మీలో ఒకమ్మాయి "తాతయ్యా, అంత కష్టపడి చేసి మళ్ళీ బురద ఎందుకు పూశారు? కడిగితే పోతుందా?" అని అడిగింది. మీరంతా నవ్వారు, నేనూ నవ్వాను. జవాబు చెప్పేలోపు పకోడీలు వచ్చాయి, మాట అక్కడితో ఆగిపోయింది. కానీ ప్రశ్న మంచిది. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక మాట. మీరు దాన్ని ట్యాంకు అన్నారు. అది ట్యాంకు కాదు, బీఎంపీ-2. సైనికుల్ని యుద్ధం జరిగే చోటి దాకా మోసుకెళ్ళే కవచ వాహనం. నడిపే సిబ్బంది ముగ్గురు, వెనక గదిలో ఇరుక్కుని కూర్చునేవాళ్ళు ఏడుగురు. పైన 30 మిల్లీమీటర్ల ఫిరంగి. నీళ్ళలో ఈదుతుంది కూడా. మొదట సోవియట్ వాళ్ళు తయారు చేశారు. మన దేశంలో అదే బండిని 'సారథ్' అనే పేరుతో చేస్తున్నది ఎక్కడో కాదు, మన సంగారెడ్డి పక్కన ఎద్దుమైలారంలో. 1984లో పెట్టిన ఆ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీనే, అంటే సైన్యానికి కావలసినవి చేసే ఫ్యాక్టరీనే, మనం ఓడీఎఫ్ అంటాం. ముక్కలుగా వచ్చే బొమ్మల పెట్టెలు, అంటే కిట్లు, ఇన్ని ఉండగా నేను దీన్నే కొనుక్కోవడానికి కారణం అదే.

అసలు బండి వెడల్పు 3.15 మీటర్లు. దాన్ని 35తో భాగించండి. 9 సెంటీమీటర్లు వస్తుంది. ఈసారి వచ్చినప్పుడు స్కేలు పెట్టి కొలవండి, నా బండి అంతే ఉంటుంది. 35 అనే అంకె ఎక్కడిదంటారా? అదో తమాషా. 1961లో జపాన్‌లోని టమియా కంపెనీ పాంథర్ అనే జర్మన్ ట్యాంకు బొమ్మ చేసింది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి కాబట్టి వాటికి సరిపోయే సైజులో చేశారు. లెక్క చూస్తే అది అసలులో 35వ వంతు. అలా బ్యాటరీల కోసం పుట్టిన కొలత ఇవాళ ప్రపంచమంతా నడుస్తోంది.

ఇక పని. పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని భాగాలుంటాయి. ముందు వాటిని గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. అచ్చులోంచి ఊడిరావడానికి రాసిన జిడ్డు ఒక్కోసారి మిగిలి ఉంటుంది, దాని మీద రంగు నిలవదు. భాగాన్ని చేత్తో విరవకండి. చిన్న కట్టర్‌తో కాస్త దూరంగా ఒకసారి, దగ్గరగా ఇంకోసారి కత్తిరించి, మిగిలిన బొడిపెను సన్న ఉప్పుకాగితంతో అరగదీయాలి. బ్లేడు పట్టుకునే పని మాత్రం పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే.

అంటించడానికి ఇంట్లో ఉండే ఇన్‌స్టంట్ జిగురు వద్దు. అది ఆరేటప్పుడు చుట్టూ తెల్లటి పొర కడుతుంది, దెబ్బ తగిలితే టక్కున ఊడుతుంది. మోడళ్ళ కోసం అమ్మే పల్చటి సిమెంటు వేరు. అది నిజానికి జిగురు కాదు, ప్లాస్టిక్‌ను కరిగించే ద్రవం. రెండు భాగాలూ కలిపి పట్టుకుని అతుకు మీద బ్రష్ ఆనిస్తే చాలు, సందులోకి అదే పాకుతుంది. రెండు వైపులా కరిగి, ఆరాక ఒకే ముక్క అవుతాయి. దాని వాసన మంచిది కాదు, కిటికీలు తీసి పెట్టుకోండి. ఈ బండికి పక్కకు ఆరు చక్రాలు. అవన్నీ నేలకు ఆనకపోతే బండి కుంటుతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి సిమెంటు ఆరేలోపే గాజుపలక మీద పెట్టి సరిచూసుకోవాలి.

రంగు గురించి ఎక్కువ చెప్పను, అది చేతికి అలవాటు కావాల్సిందే. ముందు బూడిదరంగు ప్రైమర్, అంటే అసలు రంగు బాగా పట్టడానికి అడుగున వేసే పూత, దాని మీద పచ్చ. ఒకేసారి మందంగా పూయకుండా పల్చగా రెండు మూడు సార్లు వేయండి. డబ్బాలోని పచ్చను అలాగే వాడితే చిన్న బండి మీద నల్లగా కనిపిస్తుంది, నేనైతే చుక్క లేత రంగు కలుపుతాను. అంకెల స్టిక్కర్లు నీళ్ళలో నానబెట్టి అంటించే ముందు ఆ చోట మెరుపు వార్నిష్ వేయాలి. గరుకు మీద అంటిస్తే అడుగున గాలి చేరి వెండిలా మెరుస్తుంది, స్టిక్కరని తెలిసిపోతుంది.

ఇప్పుడు బురద సంగతి.

నా మొదటి బీఎంపీని గొప్పగా చేశాననుకున్నాను. ఒళ్ళంతా తుప్పు పూశాను, వెనక భాగమంతా పొగ నలుపు పట్టించాను. మా వీధిలో సైన్యంలో పనిచేసి రిటైరైన ఒకాయన ఉండేవారు. తెచ్చి ఆయనకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఈ తుప్పు చూస్తే ముందు ఈ బండి డ్రైవర్‌కు శిక్ష వేస్తారు సార్" అన్నారు. ఆ తర్వాత, "పొగ వెనక ఎందుకు వచ్చింది?" అని అడిగారు. లారీకి వస్తుంది కదా అన్నాను. "ఇది లారీ కాదు. దీని ఇంజను ముందు, కుడి పక్కన. పొగ కూడా పైన కుడివైపే. వెనక తలుపుల్లో ఏముంటుందో తెలుసా? డీజిల్!" అన్నారు. నిజమే, ఆ తలుపులు బోలుగా ఉండి ఇంధనం ట్యాంకులుగా పనిచేస్తాయి. సిగ్గేసింది. ఇంటికొచ్చి మొత్తం గీకేశాను.

అప్పటి నుంచి ఒక మరక పెట్టే ముందు, అది అక్కడికి ఎలా వచ్చిందో నాకు నేను చెప్పుకుంటాను. చెప్పలేకపోతే పెట్టను. సైనికులు ఎక్కి దిగే చోట, మూతల అంచుల్లో రంగు గీసుకుపోతుంది. అక్కడ స్పాంజి ముక్కను ముదురు గోధుమరంగులో ముంచి, చాలావరకు కాగితం మీద తుడిచేసి, మెల్లగా అద్దుతాను. చేయి అందని చోట రంగు ఎందుకు పోతుంది? అక్కడ వదిలేస్తాను. ఒక మిల్లీమీటరు చుక్క పెట్టామంటే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్ల పెచ్చు లేచినట్టు లెక్క. కాబట్టి చుక్కలు కంటికి ఆనీ ఆననట్టు ఉండాలి.

మూలల్లో, బోల్టుల చుట్టూ చేరే మురికికి ఇంకో పద్ధతి. ఆయిల్ పెయింటును టర్పెంటైన్‌లో టీనీళ్ళలా పల్చగా కలిపి, అంచుల వెంట తాకిస్తే సందుల్లోకి అదే పారుతుంది. ఎక్కువైతే శుభ్రమైన బ్రష్‌తో తుడవొచ్చు. అడుగున వేసిన అక్రిలిక్ రంగు బాగా ఆరి ఉంటే దాన్ని ఇది కరిగించదు. డీజిల్ కారిన చారలకూ ఇదే వాడతాను, కొంచెం మెరిసే వార్నిష్ చుక్క కలిపి. దుమ్ము మీద మెరుపు చార కనిపిస్తే అది నూనె అని కన్ను వెంటనే పోల్చుకుంటుంది.

ఇక మట్టి. పెరట్లో మట్టి తెచ్చి జల్లెడ పట్టి అంటిద్దామని మీకు తప్పకుండా అనిపిస్తుంది. నేనూ చేశాను. అర మిల్లీమీటరు ఇసుక రేణువు కూడా ఆ 35వ వంతు లెక్కలో నిమ్మకాయలో సగమంత రాయి అవుతుంది! అందుకే డ్రాయింగుకు వాడే సుద్ద పాస్టెల్స్‌ను బ్లేడుతో గీకి, ఆ పొడిని వాడతాను. రంగు మాత్రం పెరటి మట్టిని చూసే కలుపుతాను. నా బండి మీద ఉన్నది జహీరాబాద్ వైపు ఎర్రమట్టి. నల్లరేగడి అయితే ముద్దలు ముద్దలుగా పట్టుకునేది, చక్రాల మధ్య సందులు కూడా పూడిపోయేవి.

ఇవి పుస్తకాల్లో వెతకక్కర్లేదు. నాట్లప్పుడు దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టర్‌ను చూడండి. కింద తడి బురద నల్లగా, మెరుస్తూ ఉంటుంది. దానిపైన సగం ఆరినది, ఇంకా పైన పూర్తిగా ఆరి తెల్లబారినది. ఒకే మట్టిది మూడు రంగులు! నా బండికీ చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టాల దగ్గర ముదురుగా, పైకి పోయేకొద్దీ లేతగా వేసింది అది చూసే. బండి చెరువు ఈది వచ్చి ఉంటే మళ్ళీ కథ మారిపోయేది. పక్కల మీది మట్టి కొట్టుకుపోయి నీటి గీత మిగిలేది, ఒడ్డెక్కాక పట్టాలకు మాత్రం కొత్త బురద పట్టేది.

కడిగితే పోతుందా అని కదా అడిగావమ్మా. పొడిని టర్పెంటైన్ చుక్కలతో తడిపి ఆరనిచ్చాను కాబట్టి ఊదితే పోదు, వేలు పెట్టి రుద్దితే మాత్రం పోతుంది. అందుకే ఆ రోజు మీ చేతికి ఇవ్వలేదు, కోపం తెచ్చుకోకండి.

బల్ల మీద ఇప్పుడు ఇంకో బీఎంపీ ఉంది. చక్రాల పైభాగం మీద బురద చిందిన చుక్కలు వేయాలి. వచ్చే ఆదివారం రండి, వచ్చేటప్పుడు తలా ఒక పాత టూత్‌బ్రష్ తెచ్చుకోండి. రంగులో ముంచి పుల్లతో కుచ్చును వెనక్కి లాగి వదిలితే చుక్కలు చిందుతాయి. మంచి బట్టలు వేసుకోకండి, మీ అమ్మల చేత నాకు చీవాట్లు పెట్టించకండి.

ఇట్లు,
మీ తాతయ్య