నాయనమ్మ లెక్క, ఆట తొందర

పిల్లలూ,

మొన్న మీలో చిన్నవాడు తన కొత్త ఆటల డబ్బా, అదే పాత ఆటలు ఆడుకునే చేతి మెషీన్, పట్టుకుని నా దగ్గరికి వచ్చి ఒక ప్రశ్న అడిగాడు. వాడు ఆడుతున్నది వింగ్ కమాండర్, 1990 నాటి డాస్ ఆట. డాస్ అంటే అప్పటి పీసీలని నడిపిన ఆపరేటింగ్ సిస్టమ్. అంతరిక్షంలో ఓడ నడుపుతూ శత్రువుల్ని వెంటాడి కొట్టాలి. వాడు బటన్ మీద వేలు పెట్టాడో లేదో ఓడ గిర్రున తిరిగిపోతోంది. శత్రువు కనబడ్డట్టే కనబడి మాయమవుతున్నాడు, ఇటు తిరిగేలోపు మన ఓడే పేలిపోతోంది. "పెదనాన్నా, మీ చిన్నప్పుడు అందరూ ఇంత స్పీడుగా ఆడేవాళ్ళా?" అన్నాడు. లేదు నాన్నా, మా వేళ్ళూ మీ వేళ్ళలాంటివే. ఆ ఆటకి కాలం ఎంత గడిచిందో తెలియడం లేదు, అందుకే అలా పరిగెడుతోంది. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదని అప్పుడు ఊరుకుని, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. మిగతావాళ్ళూ చదవండి.

మా నాయనమ్మకి పెద్దవయసులో చూపు పోయింది. అయినా ఇంట్లో ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. మంచం దిగి నాలుగడుగులు వేస్తే నీళ్ళ బిందె, అక్కడ కుడికి తిరిగి ఏడడుగులు వేస్తే పెరటి తలుపు, దాని గడియ తన భుజం ఎత్తులో, ఇదంతా ఆవిడ ఒంటికే తెలుసు. మేం ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు అందరికీ ఒకటే బెంగ, కొత్తింట్లో ఈవిడ ఎలా తిరుగుతుందని. మా నాన్న ఏం చేశాడంటే, ముందే పాతింట్లో ఆవిడ తిరిగే దారంతా అడుగులతో కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. కొత్తింట్లో మంచం, బిందె, పీట సరిగ్గా అదే దూరంలో పెట్టించాడు. గడియ పైన ఉంటే ఊడదీసి కిందికి వేయించాడు. పాతింట్లో దారి మధ్యలో ఒక స్తంభం ఉండేది, నాయనమ్మ దాన్ని తడుముకునే మలుపు తిరిగేది. కొత్తింట్లో స్తంభం లేదు, సరిగ్గా ఆ చోట నాన్న ఒక కర్ర నిలబెట్టించాడు. వచ్చిన వాళ్ళందరూ నట్టింట్లో ఈ కర్రేమిటని అడిగేవాళ్ళు. నాయనమ్మ మాత్రం మొదటి రోజు పొద్దున్నే మంచం దిగి, నాలుగడుగులు వేసి, చెయ్యి చాపి నీళ్ళు ముంచుకుని తాగింది.

డాస్ ఆటలు అచ్చం మా నాయనమ్మే. వాటికి చూపు లేదు, చోట్లు మాత్రం తెలుసు. ఇప్పటి ఆటలు దేనికైనా ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతాయి, తెర ఎంత ఉంది, శబ్దం ఎటు పంపాలి అని. డాస్ ఆట చాలా పనుల్లో ఎవరినీ అడగదు. డాస్ దాన్ని ఫ్లాపీ నుంచి పైకి లేపి కూర్చోబెట్టేది, ఆ తర్వాత ఆటే నేరుగా మెషీన్ మీద చెయ్యి వేసేది. ఒక్క ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. మెమరీ అంటే వరసగా నంబర్లు వేసిన గదులు అనుకోండి. 1987లో వచ్చిన వీజీఏ అనే తెర బొమ్మల ఏర్పాటులో ఆటలవాళ్ళు బాగా ఇష్టపడ్డ ఒక మోడ్ ఉంది. అందులో 6,55,360 నంబరు గదిలో 4 అనే అంకె పెడితే, రంగుల పట్టిక ఎవరూ మార్చి ఉండకపోతే, తెర మీద ఎడమవైపు పైమూలన ఒక ఎర్ర చుక్క పడుతుంది. పక్క గదిలో పెడితే పక్క చుక్క. అడ్డంగా 320, నిలువుగా 200, మొత్తం 64,000 గదులు నింపితే ఒక బొమ్మ తయారు. ఆ గది అక్కడే ఉంటుందని ఆట కళ్ళు మూసుకుని నమ్ముతుంది.

మీ చేతిలో ఉన్న డబ్బాలో అలాంటి తెర గది లేదు. నాలుగడుగుల దూరంలో బిందే లేదు. అక్కడ ఉన్నట్టు నమ్మించేది ఎమ్యులేటర్, అంటే పాత మెషీన్‌లా నటించే ప్రోగ్రాం. డాస్ ఆటల కోసం దాదాపు అందరూ వాడేది డాస్‌బాక్స్, 2002 నుంచి ఉంది, పూర్తిగా ఉచితం, దాని లోపలి రాతంతా ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఆట 6,55,360లో అంకె పెట్టగానే డాస్‌బాక్స్ దాన్ని పట్టుకుని, ఓహో చుక్క కావాలా అనుకుని, మీ తెర మీద సరైన చోట వేస్తుంది. ఆటకి తను ఇల్లు మారిన సంగతే తెలియదు.

శబ్దం సంగతి ఇంకా బాగుంటుంది. నాయనమ్మ గోడ మీద రెండుసార్లు తట్టేది, పక్క గదిలోంచి మా బాబాయి "ఏంటమ్మా" అనేవాడు. బాబాయి లేని రోజుల్లో నేను గొంతు బొంగురు చేసి ఆ మాట అనేవాణ్ణి, లేకపోతే ఇంట్లో ఎవరూ లేరనుకుని ఆవిడ మంచం మీద నుంచి కదిలేది కాదు. 1989లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ అనే శబ్దాల కార్డుని ఆటలు ఇలాగే తట్టి చూసేవి. కార్డు ఉంటే 170 అనే అంకె తిరిగి పలకాలి. పలక్కపోతే కార్డు లేదనుకుని ఆట మూగగా సాగిపోతుంది. మీ డబ్బాలో ఏ కార్డూ లేదు, అయినా డాస్‌బాక్స్ గొంతు మార్చి 170 అంటుంది. ఏ గోడ తట్టాలో మాత్రం కొన్ని ఆటలకి మీరే చెప్పాలి. సెటప్‌లో అడిగితే సౌండ్ బ్లాస్టర్ ఎంచుకుని అడ్రసు 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 అని ఇవ్వండి, డాస్‌బాక్స్ మామూలుగా వినేది అక్కడే.

భాష గొడవ కూడా ఉంది. నాయనమ్మ మాట్లాడే పాత యాస కొత్తింటి చుట్టుపక్కల పిల్లలకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, నేను మధ్యలో కూర్చుని చెప్పేవాణ్ణి. ఆటలు ఇంటెల్ వాళ్ళ ఎక్స్86 భాషలో రాసినవి, చేతి డబ్బాల్లో ఎక్కువ వాటిలో ఉండేది ఏఆర్ఎమ్ ప్రాసెసర్, దాని భాష వేరు. ప్రతి మాటనీ డాస్‌బాక్స్ తిప్పి చెప్పాలి, అందుకే ఇప్పటి చిప్పు కూడా 1990ల చివరి ఆటల దగ్గర ఆయాసపడుతుంది. నాయనమ్మ రోజూ అనే మాటల్ని నేను ఒకసారి విడమర్చి చెప్పి, మళ్ళీ అన్నప్పుడు పాత జవాబే అప్పజెప్పేసేవాణ్ణి. డైనమిక్ కోర్ అనే సెట్టింగ్ చేసేది అదే, ఒకసారి తిప్పిన ముక్కని దాచుకుని మళ్ళీ వాడుతుంది. బరువైన ఆటలకి అది పెట్టుకోండి.

ఇక చిన్నవాడి ఓడ దగ్గరికి వద్దాం. నాయనమ్మకి గడియారం కనబడదు కదా, అందుకని దేనికైనా వంద లెక్కపెట్టుకునేది. బయట తడి ఆరాలంటే వంద, నాకు జడిసి కోడి పారిపోయి తిరిగి రావాలంటే ఇంకో వంద. తన నోరు ఎప్పుడూ ఒకే వేగంతో లెక్కపెడుతుందని ఆవిడ నమ్మకం. ఎన్నో పాత ఆటలు కాలాన్ని ఇలాగే కొలిచాయి. మెషీన్‌లో సెకనుకి 18.2 సార్లు కొట్టే టైమర్ ఉంది, దాన్ని నమ్ముకున్న ఆటలు ఈనాటికీ బుద్ధిగా నడుస్తాయి. కొన్ని మాత్రం, ఓడని కాస్త జరుపు, బొమ్మ గీయి, వెంటనే మళ్ళీ జరుపు అని ఊపిరి తీసుకోకుండా సాగేవి. 1981 నాటి తొలి ఐబీఎం పీసీ గుండె సెకనుకి సుమారు 47 లక్షల 70 వేలసార్లు కొట్టుకునేది, మీ డబ్బాది వంద కోట్లకి పైనే. ఇప్పుడు నాయనమ్మ నోటికి అంత వేగం వచ్చిందనుకోండి, వంద అయిపోయిందని తడినేల మీద కాలు పెట్టేస్తుంది! వింగ్ కమాండర్ ఓడ జారింది ఆ తడిలోనే.

మా రోజుల్లోనూ ఈ బాధ ఉంది. బడిలో కంప్యూటర్ గదిలో ఒక కీబోర్డు మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం, బాణాల కీలు ఒకడివి, స్పేస్ బార్ ఇంకొకడిది. దూకు అని వాడు అరిస్తే నేను నొక్కాలి. ఆ ఏర్పాటుతో స్నేహాలు తెగిపోయి సాయంత్రానికి అతుక్కునేవి. ఫ్లాపీ కిర్రుకిర్రుమని చాలాసేపు తిరిగి, చివరికి "అబార్ట్, రిట్రై, ఫెయిల్" అని తెర మీద పడితే అందరి గుండెలూ జారిపోయేవి, అయినా ఆర్ నొక్కుతూనే ఉండేవాళ్ళం. ఆ బడి కంప్యూటర్ ముఖాన టర్బో అని ఒక బటన్, పక్కన ఎర్రగా వెలిగే రెండంకెలు. పేరు టర్బో అయినా ఆ బటన్ అసలు ఉపయోగం మెషీన్‌ని నెమ్మది చేయడం. ఆట మరీ పరిగెడుతుంటే అది నొక్కేవాళ్ళం, అంకె తగ్గేది, ఆట దారికొచ్చేది. పాతవాళ్ళ కోసం కొత్త మెషీన్ కాసేపు తగ్గి నడవాలని ఆలోచించి బటన్ పెట్టిన మనిషి ఎవరో గానీ, మీరూ ఇంట్లో పెద్దవాళ్ళతో నడిచేటప్పుడు ఆ బటన్ గుర్తు పెట్టుకోండి.

డాస్‌బాక్స్‌లో టర్బో బటన్‌కి బదులు సైకిల్స్ అనే అంకె ఉంటుంది. వెయ్యో వంతు సెకనులో ఎన్ని ఆజ్ఞలు నడపాలన్నది ఆ అంకె. ఆటో అని వదిలేస్తే కొన్ని ఆటలు రెచ్చిపోతాయి. వింగ్ కమాండర్‌కి 3000 పెట్టి మొదలుపెట్టండి. మందంగా ఉంటే కొంచెం పెంచండి, ఓడ చెయ్యి దాటితే తగ్గించండి. ఏ ఆటకి ఏ అంకె కుదిరిందో పుస్తకంలో రాసుకోండి, మా నాన్న అడుగులు రాసుకున్నట్టు.

బొమ్మ గురించి ఒక్క మాట. ఆ 320, 200 చుక్కలు వెనకటి నాలుగుకి మూడు తెరని నింపేవి, అంటే ఒక్కో చుక్క వెడల్పు కన్నా కొంచెం ఎత్తు. ఆ కొలత సరిచేసే ఆస్పెక్ట్ కరెక్షన్ అనే సెట్టింగ్ ఆపేస్తే గుండ్రటి గ్రహాలు అణిగిపోయి కనబడతాయి, ఆపొద్దు. మీ తెర 640, 480 అయితే నిలువుగా ఒక్కో చుక్కకి 2.4 వరసలు రావాలి, సగం వరస ఉండదు కాబట్టి కొన్నిటికి 2, కొన్నిటికి 3 వస్తాయి. అక్షరాలు ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా ఉన్నాయేమిటని పెద్దది అడిగింది కదా, కారణం అదే. తెర పాడవలేదు.

కీబోర్డు లేదని టెన్షన్ పడకండి. రకరకాల ఎమ్యులేటర్లని ఒకేచోట నడిపే రెట్రోఆర్చ్‌లో డాస్‌బాక్స్ ప్యూర్ అనే కోర్, అంటే లోపల కూర్చునే ఎమ్యులేటర్, ఉంది, ఆట ఉన్న జిప్ ఫైలుని విప్పకుండానే తీసుకుంటుంది, తెర మీదే కీబోర్డు చూపిస్తుంది, బటన్లకి కీలు మీ ఇష్టం వచ్చినట్టు కట్టుకోవచ్చు. ఆటలు మాత్రం ఎక్కడపడితే అక్కడ దొరికినవి దింపుకోవద్దు. పాతదైనంత మాత్రాన హక్కులు పోవు. వింగ్ కమాండర్ లాంటివి గాగ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొనుక్కోవచ్చు. టైరియన్ 2000ని దాన్ని చేసినవాళ్ళే ఉచితంగా ఇచ్చేశారు. డూమ్ మొదటి భాగాన్ని 1993లోనే స్నేహితులకి పంచమని వదిలారు. ఆటతో పాటు వచ్చే మాన్యువల్ పారేయొద్దు, ప్రిన్స్ ఆఫ్ పర్షియా డాస్ ఆటలో మొదటి అంతస్తు దాటగానే మాన్యువల్‌లో ఫలానా మాట మొదటి అక్షరం ఏది అని అడిగి, ఆ అక్షరం ఉన్న సీసా తాగమంటుంది. పుస్తకం లేనివాడికి అక్కడితో సరి.

ప్రిన్స్ పేరెత్తాను కాబట్టి ఇక లెక్కలు చాలు. 1989లో ఆపిల్ 2 కోసం, ఆ మరుసటి ఏడు డాస్ కోసం వచ్చిన ఆట అది. చేసినతను జోర్డన్ మెక్‌నర్. తన తమ్ముడు డేవిడ్ తెల్లబట్టల్లో పరిగెడుతుంటే, దూకుతుంటే 1985లో వీడియో తీసి, ఆ కదలికల్ని ఒక్కో ఫ్రేము చూసి చుక్కలుగా దించాడు. అందుకే తెర మీద అరంగుళం మనిషికి బరువు ఉంటుంది. అదెలా వచ్చిందని అడిగితే నేను పూర్తిగా చెప్పలేను, ఎన్నోసార్లు చూశాను, ఇప్పటికీ ఆశ్చర్యమే. మాకు అప్పట్లో లేని వసతి మీకు ఉంది, రెట్రోఆర్చ్‌లో ఆటని ఆపి ఒక్కొక్క ఫ్రేమే ముందుకి జరపొచ్చు. రాజకుమారుణ్ణి కుడికి పరిగెత్తించి ఠక్కున ఎడమకి తిప్పండి, ఆపి, ఫ్రేము ఫ్రేముగా చూడండి. తర్వాత అంచు పట్టుకుని వేలాడి పైకెక్కేది చూడండి. ఆపైన మీలో ఒకరు వరండాలో అలాగే పరిగెత్తి ఠక్కున వెనక్కి తిరగండి, ఇంకొకరు ఫోన్‌లో తీయండి, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏ కాలు ముందు ఆగుతోందో, ఒళ్ళు ఎటు వంగుతోందో చూసి నాకు ఉత్తరం రాయండి.

మీ
పెదనాన్న