రాగి మాట ఒకటే, నీళ్ల మాట వేరు: హ్మాంగ్, కొరియన్ భాషల చుట్టరికం కథ

దక్షిణ చైనా, లావోస్ కొండల్లో ఉండే హ్మాంగ్ వాళ్లూ కొరియన్లూ ఒకే మూలపురుషుడి సంతానమని, భాషలు కూడా అక్కచెల్లెళ్లేనని ఇంటర్నెట్‌లో తరచు వాదన నడుస్తుంటుంది. పక్కపక్కన పదాల పట్టికలు పెట్టి "చూశారా, ఎంత దగ్గరగా ఉన్నాయో" అంటారు. ఈ మాట పుట్టింది భాషాశాస్త్రంలో కాదు, పురాణంలో.

చైనా పాత గాథల్లో చియో అనే వీరుడున్నాడు. జువోలు యుద్ధంలో పసుపు చక్రవర్తి చేతిలో ఓడి చచ్చాడంటారు. చైనాలో మియావ్ అనే అధికారిక పేరు కింద లెక్కలోకి వచ్చే జనం, అందులో భాగమైన హ్మాంగ్ వాళ్లూ, ఇతన్ని తమ పూర్వీకుడిగా చెప్పుకుంటారు. కొరియాలోనూ ఇతనికి వారసులున్నారు. 1979లో అచ్చయిన 'హ్వాన్‌దాన్ గోగి' ఇతన్ని ప్రాచీన కొరియన్ చక్రవర్తిగా మార్చేసింది. చరిత్రకారులు ఆ గ్రంథాన్ని నకిలీ కింద తోసేశారు. అయినా 2002 ప్రపంచకప్ నాటికి కొరియా ఫుట్‌బాల్ అభిమానుల జెండా మీద ఈ చియోనే కళ్లురుముతూ కనబడ్డాడు. ఓడిపోయిన రాజు ఒకడే, వారసులమనేవాళ్లు రెండు దేశాల్లో. దీనికి ఇంకో ముడి కూడా వేస్తారు. 668లో కొరియన్ల పాత రాజ్యం కొగుర్యో కూలాక, చైనాను ఏలిన టాంగ్ వంశపు సేనలు వేలాది కుటుంబాలను చైనా లోపలికి తరలించాయి. ఇది నిజమే. ఆ నిర్వాసితులే దక్షిణానికి పోయి మియావ్ అయ్యారనేది మాత్రం ఊహ.

ఈ ఊహ నిలబడుతుందో లేదో మాటల్లోనే తేలుతుంది. తెలుగువాళ్లకు ఆ పద్ధతి చెప్పడం తేలిక. మన చెవి కన్నడంలో కివి, మన చెడు అక్కడ కెడు, మన చీము అక్కడ కీవు. ఇ, ఎ అచ్చుల ముందు మనకు 'చ' ఉన్నచోట వాళ్లకు 'క' వస్తోంది, వరసగా. చుట్టరికానికి సాక్ష్యం ఈ వరసే. ఒకటి రెండు పదాలు ఒకేలా వినబడటం సాక్ష్యం కాదు. కాబట్టి ముందు రోజువారీ మాటలు ఓ వంద తీసుకోవాలి. అందులో అరువు మాటలు ఏరేయాలి. అమ్మ, అప్ప లాంటి పసిపిల్లల మాటలూ తీసేయాలి, అవి లోకమంతా ఒకేలా ఉంటాయి. మిగిలినవాటిలో ధ్వనులు వరసగా మారాయా అని చూడాలి.

హ్మాంగ్, కొరియన్ పట్టికలు రెండో మెట్టు దగ్గరే కూలిపోతాయి. రాగిని హ్మాంగ్‌లో 'తోంగ్' అంటారు, కొరియన్‌లో 'దోంగ్'. వందకు అక్కడ 'పువా', ఇక్కడ 'బేక్'. వెయ్యికి 'త్సియా', 'చొన్'. పదివేలకు 'వా', 'మాన్'. ఇవన్నీ రెండు భాషలూ చైనీస్ నుంచి వేర్వేరు కాలాల్లో తెచ్చుకున్నవి. లోహాలు, పెద్ద లెక్కలు, సంతలో చెలామణి అయ్యే సరుకులు: అరువు ఎప్పుడూ ఈ దారినే వస్తుంది. మనకు కచేరీ, దస్తావేజు, వసూలు వచ్చినట్టే. వాటిని పట్టుకుని తెలుగు పారశీకానికి చెల్లెలు అనం కదా! అరువు తీసేశాక చూడండి. నీళ్లు: డే, ముల్. చెయ్యి: తే, సోన్. నేను: కు, నా. రెండు: ఓ, తుల్. మూడు: పే, సేత్. ఇక్కడ వరసా లేదు, వావీ లేదు.

వ్యాకరణం దగ్గర దూరం ఇంకా పెరుగుతుంది. 'నేను అన్నం తింటాను' అనడానికి హ్మాంగ్‌లో "కు నో మో" అంటే చాలు: నేను, తిను, అన్నం. క్రియ మధ్యలో ఉంటుంది, ఏ మాటకూ తోక ఉండదు. కొరియన్‌లో "నానున్ పాబుల్ మొగొయో". క్రియ చివర్న, అన్నానికి విభక్తి ప్రత్యయం, క్రియకు మర్యాద తోక. మన వాక్యాన్ని పక్కన పెట్టుకుంటే కొరియన్ హ్మాంగ్ కంటే తెలుగుకే దగ్గరగా కనబడుతుంది. 1905లో హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోలుస్తూ సియోల్‌లో ఒక పుస్తకమే వేశాడు. కొరియన్, తమిళం చుట్టాలని ఈ మధ్య తిరిగే వీడియోలకు పాత తాత అదే. వాక్య నిర్మాణం కలవడం చుట్టరికానికి చాలదని చెప్పడానికి ఆ పుస్తకమే మంచి ఉదాహరణ. జపనీస్, టర్కిష్ వాక్యాలు కూడా ఇలాగే నడుస్తాయి.

ఇక పట్టికలు తయారుచేసేవాళ్లు ఎక్కువగా బోల్తాపడే చోటు హ్మాంగ్ స్పెల్లింగు. లావోస్‌లో 1951, 1953 మధ్య విలియం స్మాలీ, లిన్‌వుడ్ బార్నీ అనే అమెరికన్ మిషనరీలూ, ఈవ్ బెర్ట్రే అనే ఫ్రెంచి ఫాదరూ కలిసి రోమన్ లిపిలో ఒక పద్ధతి కుదిర్చారు. హ్మాంగ్ అక్షరం చివర ముక్కుతో పలికే ధ్వని తప్ప వేరే హల్లు రాదు. అంటే పదం చివర రోమన్ హల్లులన్నీ ఖాళీగా పడి ఉన్నాయి. గొంతు ఎత్తుదించడాన్ని బట్టి మాట అర్థమే మారిపోయే స్వరస్థాయిని చూపే పనికి వాటినే వాడుకున్నారు. ముక్కుతో పలికే ధ్వనికి అచ్చునే రెండుసార్లు రాశారు. వీళ్ల జాతి పేరునే చూడండి: హెచ్, ఎమ్, రెండు ఓలు, చివర బీ. తెలియనివాడు 'హ్మూబ్' అని చదువుతాడు. రెండు ఓలు కలిస్తే 'ఓంగ్', బీ అంటే గొంతు పైకెత్తి పలకమని గుర్తు. అసలు బకారమే లేదు.

తెల్ల హ్మాంగ్ మాండలికంలో 'పో' అనే ఒక్క అక్షరం తీసుకుందాం. చివర బీ ఉంటే ముద్ద, బంతి. జే ఉంటే ఆడ. వీ ఉంటే విసరడం. ఏమీ లేకపోతే ప్లీహం. ఎస్ ఉంటే ముల్లు. ఎమ్ ఉంటే చూడటం, గొంతు బిగబట్టి కిందికి దించి పలకాలి. జీ ఉంటే నాయనమ్మ, ఊపిరి వదులుతూ పలకాలి. ఇవి ఏడు. డీ గుర్తుతో రాసే ఎనిమిదోది కొన్ని సందర్భాల్లోనే వస్తుంది. ఇప్పుడు పట్టికల్లో జరిగే పొరపాటు సులువుగా దొరుకుతుంది. కే, యూ, బీ అని రాసే మాటకు 'వేడి' అని అర్థం. దాన్ని 'కుబ్' అని చదివి కొరియన్‌లో కాల్చడానికి వాడే 'కుప్‌దా' పక్కన పెడితే అద్భుతంగా అతుకుతుంది. పలికేది 'కు' మాత్రమే అని తెలిస్తే అతుకు ఊడిపోతుంది.

స్వరస్థాయి గురించి ఇంత చెప్పాక కొరియన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పోలికలో నాకు అసలైన ముచ్చట ఇదే. 1443లో సేజోంగ్ రాజు రూపొందించి 1446లో ప్రకటించిన కొరియన్ లిపి హంగుల్‌లో మొదట 28 అక్షరాలు, ఇప్పుడు 24. అప్పటి పుస్తకాల్లో అక్షరానికి ఎడమ పక్కన చుక్కలు కనిపిస్తాయి. చుక్క లేకపోతే కింది స్థాయి, ఒక చుక్కకు పై స్థాయి, రెండు చుక్కలకు కింది నుంచి పైకి. 'సోన్' చుక్క లేకుండా అతిథి, ఒక చుక్కతో చెయ్యి. 16వ శతాబ్దం చివరికి రాజధాని భాషలో ఆ తేడా చెరిగిపోయింది, పుస్తకాల్లో చుక్కలూ మాయమయ్యాయి. ఆగ్నేయాన గ్యోంగ్‌సాంగ్ మాండలికంలో అది ఇంకా వినిపిస్తుంది.

ఇప్పుడు సియోల్ కుర్రకారు నోట అది వేరే దారిన తిరిగొస్తోంది. 'తల్' అంటే చంద్రుడు, 'థల్' అంటే ముసుగు. పాతతరం ఈ రెంటినీ ఊపిరి బలంతో విడదీసేది. కుర్రవాళ్ల ఊపిరిలో తేడా బాగా తగ్గిపోయి, చంద్రుణ్ణి తగ్గుస్థాయిలో, ముసుగును హెచ్చుస్థాయిలో పలుకుతున్నారు. హల్లులో తేడా పోతూ పోతూ తన బరువును అచ్చు మీద వేసిపోతుందన్నమాట. పంజాబీలో ఘోడాలోని ఘకారం పోయి దాని చోట స్వరం దిగడం మన దేశంలోనే జరిగింది. హ్మాంగ్ పూర్వభాషలో గ, ద లాంటి నాదం ఉన్న హల్లులూ, క, త లాంటి నాదం లేని హల్లులూ కలిసిపోయినప్పుడు స్థాయిలు రెండింతలైనదీ ఇలాగే. చుట్టరికం లేని భాషలు ఒకే దారిలో నడవచ్చు, గొంతు అందరికీ ఒకటే కాబట్టి.

హ్మాంగ్‌కు సేజోంగ్ లాంటి రాజు లేడు, చదువురాని రైతు ఉన్నాడు. షోంగ్ ల్యు యాంగ్ 1959లో పహావ్ అనే లిపిని సొంతంగా కట్టాడు. 1971లో హత్యకు గురయ్యేలోపు దాన్ని మూడుసార్లు సవరించాడు. 1965 నాటి రెండో రూపమే ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉంది. మన గుణింతంలో హల్లు పెద్ద, అచ్చు దాని మీద ఎక్కే గుర్తు. హంగుల్‌లో హల్లూ అచ్చూ సమానంగా ఒక గడిలో సర్దుకుంటాయి. పహావ్‌లో తిరగబడింది: స్థాయితో సహా అచ్చు ముందు రాస్తారు, హల్లు తర్వాత వస్తుంది. చదివేటప్పుడు మాత్రం హల్లే ముందు. మనకు గుర్తు లేని హల్లులో 'అ' దాగి ఉన్నట్టు, పహావ్‌లో హల్లు లేని అచ్చులో 'క' దాగి ఉంటుంది. 2014లో యూనికోడ్‌లో చేరినప్పుడు కూడా ఆ క్రమాన్ని మార్చలేదు. పహావ్‌లో టైపు చేసేవాళ్లు నోటితో పలికే వరసలో కాకుండా, చేత్తో రాసే వరసలోనే మీటలు నొక్కాలి.