కానుక పెట్టె నుంచి గృహ కూటం దాకా: సంఘంలో వినిపించే అపోహలు - వాస్తవాలు

మా క్రైస్తవ సంఘంలో గృహ కూటాలు, అంటే కొద్దిమంది విశ్వాసులు ఇళ్లలో కలుసుకునే చిన్న గుంపులు, చూసుకోవడం నా పని. కానుకల లెక్కలు చూసే కమిటీలో కూడా కూర్చుంటాను. రెండు చోట్లా ఉండటం వల్ల ఒక సంగతి పదే పదే కళ్లకు కడుతుంది. ఇవ్వడం గురించి, సంఘం ఎదగడం గురించి, కూటాల గురించి విశ్వాసులు వేరు వేరు ప్రశ్నలు అడుగుతారు గానీ చివరికి అన్నీ ఒక్క దగ్గరే తేలతాయి: పక్కన కూర్చున్న మనిషి పరిస్థితి మనకు తెలుసా, తెలియదా? తెలిస్తే ఇమ్మని ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలియకపోతే ఎన్ని ప్రసంగాలు చేసినా ఇచ్చింది పెట్టెలో పడుతుంది, అంతే.

అపోహ: దశమభాగం ఇచ్చేస్తే మన బాధ్యత తీరిపోయినట్టే.

దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, అనగానే మందిర సేవ చేసే లేవీయులు, మందిరపు నిధి గుర్తొస్తాయి. బైబిల్లో ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం మాత్రం చాలామంది నిదానంగా చదివి ఉండరు. పంటలో పదో వంతు పట్టుకెళ్లి ఇంటిల్లిపాదీ దేవుని సన్నిధిలో తిని సంతోషించమని అక్కడ ఉంది. దూరం ఎక్కువైతే దాన్ని అమ్మి, ఆ డబ్బుతో అక్కడే కావలసినవి కొనుక్కోమనీ ఉంది. మూడో ఏటి పదో వంతును ఊళ్లోనే ఉంచి లేవీయులు, పరదేశులు, తండ్రి లేని పిల్లలు, విధవరాండ్రు తృప్తిగా తినేలా చూడమని ఉంది. పన్నులా కట్టేసి చేతులు దులుపుకునే వ్యవహారం కాదది. ఒకే బల్ల దగ్గర ఎవరెవరు కూర్చోవాలో చెప్పే ఏర్పాటు.

తొలి సంఘాల నాయకుడు పౌలు కొరింథు సంఘానికి రాసినప్పుడు శాతం చెప్పలేదు. ఎవరు ఎంత వర్ధిల్లితే దానికి తగ్గట్టు వారం వారం పక్కన పెట్టమన్నాడు. దశమభాగం ఇవ్వాలా వద్దా అన్న చర్చలో సంఘాలు ఒక మాట మీద లేవు, నేనిక్కడ తీర్పు చెప్పను. అలవాటు మొదలుపెట్టడానికి పదో వంతు మంచి గీత అని మాత్రం నా అభిప్రాయం. అదే ఆఖరి గీత అనుకుంటేనే ఇబ్బంది. బాగా సంపాదించేవాడికి పదో వంతు పోయినట్టే తెలియదు. అప్పుల్లో ఉన్నవాడికి అదే ఇంటి అద్దె.

అపోహ: దేవుడికి ఇస్తే రెట్టింపై తిరిగొస్తుంది.

దీనంతగా సంఘాలకు చేటు చేసిన మాట ఇంకొకటి లేదనుకుంటాను. మలాకీ 3:10 చూపించి ఆకాశపు వాకిళ్లు తెరుచుకుంటాయని చెప్పేవాళ్లు అదే పుస్తకంలో మొదటి రెండు అధ్యాయాలు దాటేస్తారు. అక్కడ మొట్టికాయలు పడింది యాజకులకే. గుడ్డివీ కుంటివీ బలిపీఠం మీదికి తెస్తున్నారని గట్టిగా మందలించిన తర్వాతే జనం తెచ్చే పదో వంతు మాట వస్తుంది.

కొత్త నిబంధనలో దానానికి పెద్ద ఉదాహరణ మాసిదోనియ సంఘాలు. 2 కొరింథీయులు 8లో వాళ్లు నిరుపేదలని, శ్రమల్లో ఉన్నారని, అయినా మాకూ ఈ సాయంలో పాలు ఇవ్వండని బతిమాలారని పౌలు రాశాడు. ఆ తర్వాత వాళ్లు ధనవంతులయ్యారని ఎక్కడా రాయలేదు. తర్వాతి అధ్యాయంలో దేవుడు సమృద్ధి ఇస్తాడన్న మాట ఉంది, నిజమే. అది దేనికో కూడా అక్కడే ఉంది: ఇంకా ఇవ్వగలగడానికి.

ఉన్న రెండు కాసులూ కానుక పెట్టెలో వేసిన విధవరాలి కథనూ ఇలాగే వాడతారు. లూకా 21లో ఆ కథకు సరిగ్గా ముందు, 20వ అధ్యాయం చివర, విధవరాండ్ర ఇళ్లు మింగేసే శాస్త్రుల (ధర్మశాస్త్ర బోధకుల) గురించి యేసు హెచ్చరించాడు. ఆ రెండూ పక్కపక్కనే ఉండటం ఊరికే కాదని నాకనిపిస్తుంది. ఒక విధవరాలు తన జీవనాధారమంతా వేసేసిందంటే ఆమె విశ్వాసాన్ని మెచ్చుకోవాల్సిందే. ఆ రాత్రి ఆమె ఏం తిందో కనుక్కోవాల్సిన బాధ్యత మాత్రం సంఘానిదే. కట్టాల్సిన ఫీజు ఆపి కానుక తెచ్చే మనిషి కనబడితే కవరు తీసుకోకుండా కూర్చోబెట్టి మాట్లాడాలి.

అపోహ: డబ్బు మాట ఎత్తితే జనం వెళ్లిపోతారు.

డబ్బు మాట ఎత్తినందుకు కాదు, లెక్క చెప్పనందుకు వెళ్లిపోతారు. పౌలు ఒకే విషయం మీద, అంటే యెరూషలేము పేదల కోసం పోగుచేసే చందా మీద, రెండు పూర్తి అధ్యాయాలు రాశాడు. మొహమాటపడలేదు. ఆ డబ్బు మోసుకెళ్లడానికి మాత్రం సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంటపెట్టుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలోనూ సరిగ్గా ఉండాలన్నది ఆయన చెప్పిన కారణం. 2వ శతాబ్దం చివర్లో కార్తేజ్‌కు చెందిన తెర్తుల్లియన్ సంఘం గురించి బయటివాళ్లకు వివరిస్తూ, నెలకోసారి ఎవరికి తోచింది వాళ్లు బలవంతం లేకుండా ఇస్తారని, ఆ డబ్బు పేదల ఆకలికి, అంత్యక్రియలకు, అనాథ పిల్లలకు, ముసలివాళ్లకు, ఓడ మునిగి నష్టపోయినవాళ్లకు ఖర్చవుతుందని పేరుపేరునా రాశాడు. విశ్వాసులు కానివాళ్లకే అంత వివరంగా చెప్పినప్పుడు, ఇచ్చిన విశ్వాసులకు చెప్పడానికి మనకెందుకు అంత ఇబ్బంది?

పాటించాల్సినవి కష్టమైనవేమీ కావు. పెట్టె తెరిచేటప్పుడు ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు ఉండాలి. లెక్కపెట్టిన చోటే అంకె రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. బ్యాంకులో వేసేది ఒకరు, పుస్తకం రాసేది ఇంకొకరు. కాపరి (పాస్టర్) దగ్గర చెక్కుబుక్కు ఉండకపోవడం కాపరికే మంచిది. ఏడాదికోసారి బయటి ఆడిటర్‌తో చూపించుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి చెప్పినా "మా మీద నమ్మకం లేదా?" అని ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. నమ్మకం ఉంది కాబట్టే దాన్ని పోగొట్టుకోకుండా చూస్తున్నామని చెప్పడమే దానికి జవాబు.

అపోహ: గృహ కూటాలు, సెల్ గ్రూపులు ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్.

మొదట్లో ఉన్నవి అవే. రోమా పత్రిక 16లో ప్రిస్కిల్ల, అకుల ఇంట్లో ఉన్న సంఘానికి పౌలు వందనాలు చెప్తాడు. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున దూరా యూరోపోస్ అనే పట్టణంలో 3వ శతాబ్దపు ఇల్లొకటి తవ్వకాల్లో బయటపడింది. మామూలు ఇల్లే. రెండు గదుల మధ్య గోడ తీసేసి హాలు చేసుకున్నారు, ఇంకో గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టుకున్నారు. చాలాకాలం తర్వాత, 1670లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్పేనర్ అనే లూథరన్ కాపరి వాక్యం చదువుకుని మాట్లాడుకోవడానికి తన ఇంట్లో చిన్న కూటాలు మొదలుపెట్టాడు.

వీటన్నిటికన్నా నాకు ఇష్టమైంది ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ సంగతి. ఎందుకంటే అక్కడ కూటం పుట్టింది ప్రార్థన కోసం కాదు, అప్పు కోసం.

1742 ఫిబ్రవరిలో మెథడిస్టుల నాయకుడు జాన్ వెస్లీ, ఆయనతో ఉన్నవాళ్లు ప్రార్థనా మందిరం మీద ఉన్న అప్పు ఎలా తీర్చాలని కూర్చున్నారు. ప్రతి సభ్యుడూ వారానికో పెన్నీ ఇస్తే తీరుతుందని ఒకాయన అన్నాడు. చాలామంది బీదవాళ్లు, అదీ ఇవ్వలేరని ఇంకొకరు అడ్డొచ్చారు. దానికి మొదటాయన ఇచ్చిన జవాబు చూడండి: ఉన్నవాళ్లలో అతి బీదవాళ్లను పదకొండుమందిని నాకు అప్పగించండి, వారం వారం వాళ్ల ఇళ్లకు వెళ్తాను, ఇవ్వగలిగితే సరే, లేకపోతే వాళ్ల వంతు కూడా నేనే వేస్తాను, మీరూ తలా పదకొండుమందిని చూసుకోండి. అలా పన్నెండేసి మంది గుంపులయ్యారు.

పెన్నీల కోసం ఇళ్లకు వెళ్లినవాళ్లకు ఇళ్లల్లో సంగతులు కనబడ్డాయి. ఎవరు తాగుడుకు తిరిగిపోయారో, ఏ ఇంట్లో గొడవ జరుగుతోందో, ఎవరు మంచాన పడ్డారో తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ మనకు కావలసింది ఇదే కదా అని వెస్లీకి వెంటనే తట్టింది. తర్వాత ఇంటింటికీ తిరగడం కష్టమై ఆ పన్నెండుమందీ వారానికోసారి ఒకచోట కూడటం మొదలుపెట్టారు. మెథడిస్టుల క్లాస్ మీటింగ్ అలా పుట్టింది. ఇవ్వలేనివాడి వంతు నేను వేస్తానన్న ఆ ఒక్క మాట లేకపోతే అది వసూళ్ల పద్ధతిగానే మిగిలిపోయేది. ఇప్పుడు కొన్ని సంఘాల్లో సెల్ లీడర్లకు కానుకల టార్గెట్లు పెడుతున్నారు. వాళ్లకు బ్రిస్టల్ కథలో మొదటి సగమే గుర్తున్నట్టుంది.

అపోహ: హాజరు పెరిగితే సంఘం ఎదిగినట్టే.

పెరిగినవాళ్లు ఎక్కడినుంచి వచ్చారో ముందు చూడాలి. పక్క సంఘంలో గొడవై కొందరు ఇటొస్తే మన రిజిస్టరు లావెక్కుతుంది, మొత్తం మీద ఒక్కరూ పెరగలేదు. పెరుగుదల వస్తే సమస్యలు తీరతాయన్నది ఇంకో భ్రమ. అపొస్తలుల కార్యములు 6 చదవండి. శిష్యుల సంఖ్య పెరిగిన రోజుల్లోనే సణుగుడు మొదలైంది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజూ పంచే ఆహారంలో చిన్నచూపు జరిగిందన్నది ఫిర్యాదు. అపొస్తలులు సణగొద్దని బోధించలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకోరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, అన్నీ గ్రీకు పేర్లే. బాధపడ్డవాళ్ల వైపు మనుషులకే తాళాలు ఇచ్చారన్నమాట. ఆ తర్వాతి వచనంలోనే శిష్యుల సంఖ్య మరింత విస్తరించిందని ఉంది.

అపోహ: కూటం నడపాలంటే వాక్యం చెప్పడం రావాలి.

అక్కర్లేదు. బాగా చెప్పేవాళ్ల కూటాల్లో మిగతావాళ్ల నోరు లేవదు.

నేను చూసిన మంచి లీడర్లలో ఒకాయనకు నలుగురి ముందు ప్రార్థన చేయడమంటేనే టెన్షన్. ఆయన కూటానికి వచ్చే ఒకతను ప్రార్థన అంశాలు అడిగినప్పుడల్లా "అంతా దేవుని కృప" అని తప్పించుకునేవాడు. ఒక రోజు కూటమయ్యాక కుర్చీలు సర్దుతూ ఈయన మామూలుగా అడిగాడు, "ఏం బ్రదర్, ఈ మధ్య బండి తేవట్లేదు?" అతను కాసేపు మాట్లాడలేదు. "అమ్మేశాను బ్రదర్" అన్నాడు. ఉద్యోగం పోయిన సంగతి అప్పుడు బయటపడింది. ఆ కూటంవాళ్లే తలా కొంత వేసుకుని అతని ఇంటి అద్దె కట్టారు. మా కమిటీకి ఆ విషయం చాలా రోజులకు తెలిసింది, మా లెక్కల్లో అది ఎక్కడా లేదు.

అపోహ: కూటంలో ఒకరికొకరు అప్పులిచ్చుకోవడం కూడా ప్రేమే.

ఇచ్చేయండి, అప్పు మాత్రం వద్దు. అప్పు తీసుకున్నవాడు తీర్చలేక మొదట మానేసేది కూటానికి రావడం. ఇచ్చినవాడు వాక్యం వింటూ మనసులో వడ్డీ లెక్కేసుకుంటాడు. పెద్ద మొత్తం కావాలంటే సంఘ పెద్దల ద్వారా, పేరు గోప్యంగా ఉంచి సాయం చేయాలి.

అపోహ: కూటంలో చెప్పుకున్నది ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి పోకూడదు.

నూటికి తొంభై తొమ్మిది సార్లు పోకూడదు. "ఫలానా సిస్టర్ కోసం ప్రార్థన చేయండి, సంగతేంటంటే..." అంటూ మొదలయ్యేది చాడీయే, దానికి ప్రార్థన ముసుగు వేస్తారు. అయితే ఒక పిల్లకో, ఒక స్త్రీకో హాని జరుగుతోందని తెలిస్తే, ఎవరైనా ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉన్నారని తెలిస్తే, గోప్యత మాట ఎత్తకూడదు. పెద్దలకు, అవసరమైతే పోలీసులకు, డాక్టర్లకు చెప్పాల్సిందే. మొదటి కూటంలోనే ఈ మాట అందరి ముందూ చెప్పి ఉంచడం మంచిది.

అపోహ: బాగా కలిసిపోయిన కూటాన్ని విడదీస్తే పాపం.

ఆరుగురు ఉన్న కూటంలో ఇద్దరిద్దరి మధ్య ఉండే సంబంధాలు 15. పన్నెండుమందైతే 66. ఇరవైమందైతే 190. అంతమందిలో నెమ్మదిగా ఉండేవాళ్లు గోడ పక్కకు చేరతారు, ఒకటి రెండు వారాలు రాకపోయినా ఎవరూ గమనించరు. అందుకే విడదీయాలి. విడదీసే తీరులోనే గొడవంతా ఉంది. ఒక ఆదివారం ప్రకటించి, లిస్టు చదివి, మీరు అటు, మీరు ఇటు అంటే ఎవరికైనా కడుపు మండుతుంది. మొదటినుంచీ లీడర్ పక్కన ఇంకొకరిని తయారు చేసుకోవాలి. విడిపోవడానికి కొన్ని నెలల ముందునుంచే ఒకే ఇంట్లో రెండు గదుల్లో కూర్చుని ప్రార్థన చేయించాలి, ఎవరు ఎవరితో చేరతారో వాళ్లనే తేల్చుకోనివ్వాలి. పాత స్నేహితులిద్దరు ఒకే వైపు ఉంటామంటే ఉండనివ్వండి. వేరైన రెండు కూటాలూ అప్పుడప్పుడు కలుసుకునే రోజొకటి ముందే ఖాయం చేసుకుంటే సగం అభ్యంతరాలు అక్కడే ఆగిపోతాయి.