రోజూ నడిపే కారును కిందికి దించాలంటే: స్ప్రింగులు, షాక్‌ల గురించి అపోహలు - వాస్తవాలు

కారును కాస్త కిందికి దించితే చూడ్డానికి బాగుంటుందన్న మాటతో నాకు పేచీ లేదు. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ తగ్గాలని భీమవరం, పాలకొల్లు, అమలాపురం కుర్రాళ్ళు కోరుకోవడంలో తప్పూ లేదు. అయితే అదే బండి రోజూ ఉద్యోగానికీ, పిల్లల బడికీ, మాఘమాసంలో నిండా చుట్టాలతో పెళ్ళికీ వెళ్ళవలసినదైనప్పుడు, ఎత్తును ముందే ఖాయం చేసుకుని ఆ తర్వాత స్ప్రింగులు వెతకడం తలకిందుల పద్ధతి. ముందు చూసుకోవలసింది చక్రం పైకి కదలడానికి మిగిలే దూరం. షెడ్డులో దాన్ని ట్రావెల్ అంటాం. ఆ దూరానికి తగిన స్ప్రింగు, ఆ స్ప్రింగును అదుపు చేయగల షాక్ (షాక్ అబ్జార్బరు) కుదిరాక మిగిలేదే బండి ఎత్తు. సస్పెన్షన్ పనిలో నాకు తరచుగా వినిపించే అపోహల్లో చాలా వరకు ఈ వరుస తారుమారు కావడం వల్ల పుట్టినవే.

అపోహ: కంపెనీ స్ప్రింగునే ఒక చుట్టు కోయిస్తే సరిపోతుంది.

కోసిన స్ప్రింగు మెత్తబడుతుందని కొందరూ, ఏ మార్పూ ఉండదని కొందరూ అనుకుంటారు. నిజానికి పని చేసే చుట్లు తగ్గినకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. ఆరు చుట్లు పని చేసే స్ప్రింగులో ఒకటి తీసేస్తే మిగిలిన ఐదు చుట్ల స్ప్రింగు సుమారు 20 శాతం గట్టిదవుతుంది. ఇబ్బంది ఆ గట్టిదనంతో కాదు, కోసిన కొసతో. కంపెనీ స్ప్రింగు చివరి చుట్టును కింది సీటులో సరిగ్గా కూర్చునేలా మలుస్తారు. గ్రైండరుతో కోసిన కొస ఆ గాడిలో కూర్చోక ఒక అంచు మీద నిలబడుతుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా టక్కుమనే శబ్దం దానిదే. అలాంటి స్ప్రింగును విప్పి చూస్తే కొస దగ్గర రంగు పూర్తిగా రాలిపోయి, సీటు రబ్బరు ఒక పక్క నలిగి, ఆ సందులో తడి ఆరని నల్లమట్టి గట్టిగా పట్టేసి ఉంటుంది. అంతర్వేది వైపు ఉప్పుగాలిలో, ఆకివీడు రోడ్ల మీద రొయ్యల లారీల నుంచి కారే నీళ్ళలో తిరిగే బండికి తుప్పు మొదలయ్యేది అక్కడే, స్ప్రింగు విరిగేదీ సాధారణంగా అక్కడే. ముందు స్ట్రట్ (స్ప్రింగూ షాకూ ఒకటిగా అమర్చిన భాగం) మీద విరిగిన కొస టైరు పక్కనే ఉంటుందన్న సంగతి మరిచిపోకూడదు.

ఇంకొక ప్రమాదం బండిని జాకీ మీద ఎత్తినప్పుడు కనిపిస్తుంది. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు కూడా స్ప్రింగు రెండు సీట్ల మధ్య కొంచెమైనా బిగిసి ఉండాలి. చేత్తో తిప్పితే తిరిగే స్ప్రింగు ఏదో ఒక గోతిలో చక్రం వేలాడినప్పుడు సీటు తప్పుతుంది. వెనకవైపు టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే అడ్డ దూలం) ఉండి, స్ప్రింగూ షాకూ విడివిడిగా అమర్చిన చిన్న కార్లలో అది పూర్తిగా బయటికి జారిపోవచ్చు. గ్యాస్ మంటతో వేడి చేసి కూర్చోబెట్టడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: ఆ వేడికి ఉక్కు తన పదును కోల్పోతుంది, ఆ స్ప్రింగు రేపు ఎంత దిగుతుందో ఎవరూ చెప్పలేరు.

అపోహ: లోయరింగ్ స్ప్రింగులు వేయించాం కాబట్టి షాక్‌లు కంపెనీవే ఉంచుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేదీ, ఎక్కువ ఖర్చు తెచ్చిపెట్టేదీ ఇదే. ఉదాహరణకు నిలబడి ఉన్న బండిలో షాక్ బాడీకీ, పైనున్న బంప్ స్టాపరుకూ మధ్య 70 మి.మీ. దూరం ఉందనుకుందాం. బండిని 35 మి.మీ. దించితే మిగిలేది సగం. అదే గోతి దెబ్బను సగం దూరంలో స్ప్రింగే పూర్తిగా మింగాలంటే అది నాలుగు రెట్లు గట్టిదై ఉండాలి, ఎందుకంటే స్ప్రింగు దాచుకునే శక్తి నొక్కుడు దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. బజారులో దొరికే లోయరింగ్ స్ప్రింగులు అంత గట్టివి కావు, కాకూడదు కూడా. మిగిలిన దెబ్బ బంప్ స్టాపరు మీదా, దాని తర్వాత స్ట్రట్ ప్యాడ్ మీదా, చివరికి మీ నడుము మీదా పడుతుంది. ఆ స్టాపరు పనికిమాలిన నురగ ముక్క కాదు, రెండో స్ప్రింగులాంటిది. స్ప్రింగుతో వచ్చిన కాగితంలో ఎంత కోయమని రాసి ఉంటే అంతే కోయాలి, తీసి పారేయకూడదు.

ఇక బరువు సంగతి. వెనక చక్రం దగ్గర మిల్లీమీటరుకు 2 కిలోలు మోసే స్ప్రింగు ఉంటే, ఒక్కో చక్రం మీద అదనంగా 100 కిలోలు పడినప్పుడు బండి 50 మి.మీ. దిగుతుంది. 2.5 కిలోలది వేస్తే 40 మి.మీ. దిగుతుంది. వెనక సీటులో ముగ్గురు కూర్చుని, డిక్కీలో రెండు కొబ్బరి బస్తాలు వేసుకుంటే ఆ 100 కిలోలు ఎక్కడికీ పోవు. 35 మి.మీ. మాత్రమే మిగుల్చుకున్న బండి గేటు దాటకముందే స్టాపరు మీద కూర్చున్నట్టే.

దీన్ని కొలవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. డస్ట్ కవరును పైకి నెట్టి, షాక్ రాడ్ మీద బాడీకి ఆనేలా ఒక సన్నని ప్లాస్టిక్ టై బిగించండి. రాడ్‌కు గీత పడకుండా మెత్తగా బిగిస్తే చాలు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని మీరు రోజూ వెళ్ళే దారినే ఒకసారి తిరిగి రండి. షాక్ ఎంత నొక్కుకుపోయిందో ఆ టై అంత దూరం పైకి జరిగి ఉంటుంది. కంపెనీ స్ప్రింగులతోనే అది స్టాపరు దాకా వెళ్ళిందంటే ఆ బండిని దించడానికి చోటు లేదని అర్థం. స్టాపరుకు ఇంకా 30 మి.మీ. దూరంలో ఆగిందంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు. స్ప్రింగుల పెట్టె మీద ఏ అంకె ముద్రించి ఉన్నా నేను ఈ కొలతనే నమ్ముతాను.

షాక్ ఎందుకు మార్చాలన్నది ఇంకా తేలలేదు. స్ప్రింగు నొక్కుకున్నాక తిరిగి సాగేటప్పుడు ఆపేది షాకే. దాన్ని రీబౌండ్ అంటాం. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే, మునుపటి అదుపు నిలవాలంటే ఆ పట్టు సుమారు 14 శాతం పెరగాలి. కొత్త కంపెనీ షాక్ ఆ భారాన్ని ఎలాగో ఈడ్చుకొస్తుంది. ఏళ్ళ తరబడి కాలువ గట్ల మీద తిరిగి ఆయిల్ చెమర్చిన షాక్‌కు గట్టి స్ప్రింగు తగిలించడం గేదెను మేకపలుపుతో కట్టేయడమే. నా లెక్కలో 20 మి.మీ. లోపు దించి, షాక్‌లు కొత్తవై, స్ప్రింగు కొంచెమే గట్టిదైతే కంపెనీ షాక్‌లు సరిపోతాయి. అంతకు మించితే బాడీ పొట్టిగా ఉండి, రీబౌండ్ పెంచిన షాక్‌లను స్ప్రింగులతో జతగా కొనాలి. రెండింటికీ డబ్బు చాలకపోతే ముందు మంచి షాక్‌లు వేయించుకుని స్ప్రింగుల మాట తర్వాత చూసుకోవడం మేలు.

అపోహ: ఎంత గట్టిగా ఉంటే అంత రోడ్డు పట్టు.

సాఫీ ట్రాకు మీద ఈ మాటలో కొంత నిజం ఉండవచ్చు. మన గోదావరి డెల్టాలో చాలా రోడ్లు నల్లరేగడి మీద వేసినవి. ఆ నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోవడం వల్ల తారు మీద అలల్లాంటి ఎత్తుపల్లాలు ఏర్పడతాయి. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి 16 మీద బాగా నడిచిన బండే, కాలువ గట్టు మీదికి మళ్ళగానే చక్రం నేలను వదిలి గెంతుతుంది. గెంతిన చక్రానికి బ్రేకూ పట్టదు, స్టీరింగూ పట్టదు. రీబౌండ్ మరీ బిగించినా చిక్కే: వరసగా వచ్చే చిన్న గతుకుల్లో స్ప్రింగు ఒకసారి నొక్కుకుని తిరిగి సాగేలోపే రెండో దెబ్బ తగులుతుంది, బండి మెల్లమెల్లగా కిందికి కుంగిపోతుంది. డ్రైవరుకు అది గట్టి స్ప్రింగులా అనిపిస్తుంది, దానికి షాక్ పట్టు చాలడం లేదనుకుని, క్లిక్కులున్న (పట్టును మార్చుకోగల) షాక్‌ల మీద పొరపాటున మరో రెండు క్లిక్కులు బిగిస్తాడు. బండి దడదడలాడుతుంటే ముందు వదులు చేసి చూడాలి.

గ్యాస్ షాక్‌లంటేనే గట్టివన్న నమ్మకం కూడా ఉంది. లోపలి నైట్రోజన్ పని ఆయిల్ నురగ కట్టకుండా చూడటం. గట్టిదనాన్ని ప్రధానంగా నిర్ణయించేది పిస్టను మీది వాల్వులు.

అపోహ: ఎంత కిందికి దించితే మలుపులో అంత తక్కువగా వాలుతుంది.

బండి బరువు కేంద్రం నేల నుంచి 550 మి.మీ. ఎత్తులో ఉందనుకుంటే, 30 మి.మీ. దించడం వల్ల మలుపులో బయటి చక్రాల మీదికి మళ్ళే బరువు తగ్గేది ఐదారు శాతమే. ముందువైపు మాక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉన్న కార్లలో ఇంకొక తిరకాసు ఉంది. మరీ దించితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది చేయి) బయటి కొస లోపలి కొస కంటే పైకి లేస్తుంది. అప్పుడు బండి ఏ బిందువు చుట్టూ వాలుతుందో ఆ రోల్ సెంటర్, బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి పడిపోతుంది. ఆ రెండింటి మధ్య దూరం పెరిగినందువల్ల, అదే స్ప్రింగుతో బండి మునుపటి కంటే ఎక్కువగా వాలుతుంది. బండి ముందు నుంచి కిందికి వంగి చూసినప్పుడు ఆర్మ్ బయటికి పైకెత్తి కనిపిస్తే దించడం ఎక్కువైందని గుర్తు.

స్పీడ్ బ్రేకర్ల లెక్క కూడా చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రని హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలి. 2450 మి.మీ. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) గల స్విఫ్ట్ దాని మీద నిలబడితే, రెండు ఇరుసుల మధ్య హంప్ ఉబ్బెత్తు సుమారు 44 మి.మీ. మాత్రమే. కంపెనీ చెప్పే 163 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్‌ను 133కు తగ్గించినా అక్కడ ఏమీ తగలదు. కానీ గుడి ముందో బడి ముందో మిగిలిన కాంక్రీటుతో అరమీటరు వెడల్పున, జానెడుకు కాస్త తక్కువ ఎత్తులో పోసిన దిమ్మె మొత్తం ఎత్తు బండి కింద నుంచే పోవాలి. చాంబరు (ఇంజను కింది ఆయిల్ తొట్టి) పగిలేది అక్కడే. వర్షాకాలంలో నీళ్ళ కింద దాగిన గోతులు, లంక గ్రామాల కాజ్‌వేలు మీ దారిలో ఉంటే దించడం మానుకోమనే చెబుతాను. మామూలు ఊరి దారుల్లో తిరిగే బండికి నేను 25 మి.మీ. దాటి దించను.

చట్టం వైపు ఒక మాట. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

పని పూర్తయ్యాక చేయవలసినవి కూడా ఉన్నాయి, చాలాచోట్ల తొందరలో వదిలేసేవి ఇవే. ఆర్మ్ బుష్‌ల (రబ్బరు తొడుగుల) బోల్టులను బండి గాలిలో వేలాడుతుండగా కాకుండా, చక్రాలు నేల మీద ఆనిన తర్వాతే పూర్తిగా బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది. టైరు లోపలి అంచు అరిగితే అందరూ క్యాంబరును (ముందు నుంచి చూస్తే చక్రం నిలువు వంపును) తిడతారు గానీ, ఎక్కువగా తినేసేది మారిపోయిన టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం). అలైన్‌మెంట్ ఒకసారి వెంటనే, మరొకసారి స్ప్రింగులు సర్దుకున్నాక చేయించాలి. ముందూ వెనకా ఒకే కొలతలో దిగకపోతే హెడ్‌లైట్ల వంపు కూడా మారుతుంది కాబట్టి, రాత్రి గోడ మీద వెలుగు గీత చూసి దాన్ని సరిచేయించుకోవాలి. ఇరుకైన గట్టు రోడ్డు మీద ఎదుటివాడి కళ్ళలో వెలుగు కొడితే అతనికి పక్కనున్న కాలువ కనిపించదు.