ఐక్య యూరప్, సార్వభౌమాధికారం: అపోహలు - వాస్తవాలు

యూరోపియన్ యూనియన్ చట్టాన్ని బోధించడం నా వృత్తి. తరగతిలో యూరప్ విద్యార్థులు అడిగే ప్రశ్నలు ఒక తీరుగా ఉంటే, సెలవులకు ఊరికి వచ్చినప్పుడు బంధుమిత్రులు అడిగేవి మరో తీరుగా ఉంటాయి. అయితే రెండు చోట్లా చిక్కు పడేది ఒకే మాట దగ్గర: సార్వభౌమాధికారం. ఐక్య యూరప్ భవిష్యత్తు ఎలా ఉండాలన్న చర్చలో అక్కడి పౌరులు నిజంగా దేని గురించి వాదించుకుంటున్నారో తెలియాలంటే, ముందు కొన్ని అపోహలను పక్కకు తీయాలి.

అపోహ: షెంగెన్ వీసా చేతిలో ఉంటే యూరప్ అంతా ఒకే దేశం.

వాస్తవం: యూరోపియన్ యూనియన్‌లో 27 దేశాలున్నాయి. మధ్యలో సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగలిగే షెంగెన్ ప్రాంతంలో 29 ఉన్నాయి. 2026 జనవరి 1న బల్గేరియా చేరిన తర్వాత యూరో నాణెం వాడే సభ్యదేశాలు 21 అయ్యాయి. ఈ మూడు జాబితాలు ఒకటి కావు. ఐర్లాండ్ యూనియన్‌లో ఉంది, షెంగెన్‌లో లేదు. స్విట్జర్లాండ్, నార్వే షెంగెన్‌లో ఉన్నాయి, యూనియన్‌లో లేవు.

మన పిల్లలకు నేరుగా తగిలే విషయం ఇంకొకటి ఉంది. షెంగెన్ వీసా 90 రోజుల వరకే పనికొస్తుంది. అంతకు మించి చదువుకోవాలన్నా, ఉద్యోగం చేయాలన్నా అనుమతి ఇచ్చేది ఆయా దేశ ప్రభుత్వమే. హైదరాబాద్ నుంచి జర్మనీకి వెళ్ళే ఇంజనీరు తీసుకునే బ్లూ కార్డుకు, అంటే నిపుణులైన ఉద్యోగులకిచ్చే నివాస అనుమతికి, మూలం యూనియన్ చట్టమే అయినా, బయటి దేశాల నుంచి ఉపాధి కోసం వచ్చేవారిలో ఎంతమందిని రానివ్వాలన్నది నిర్ణయించుకునే హక్కును యూనియన్ పనితీరును నిర్దేశించే ఒప్పందంలోని 79వ అధికరణం సభ్యదేశాలకే వదిలింది. డెన్మార్క్, ఐర్లాండ్ ఆ బ్లూ కార్డు ఏర్పాటులోనే చేరలేదు. అలాగే యూరోపియన్ పౌరసత్వం ఇచ్చే కార్యాలయం అంటూ ఎక్కడా లేదు. ఒక సభ్యదేశపు పౌరసత్వం వస్తే దానితోపాటు అదీ వస్తుంది, పోతే పోతుంది.

అపోహ: యూరోపియన్ యూనియన్ ఇప్పటికే ఒక సమాఖ్య దేశం, ఫ్రాన్స్, ఇటలీ వంటివి మన రాష్ట్రాల్లాంటివి.

వాస్తవం: ఈ పోలిక మనవాళ్ళకు చప్పున తడుతుంది, కానీ సరిగ్గా కీలకమైన చోటే తప్పుతుంది. భారత రాజ్యాంగంలోని 3వ అధికరణం ప్రకారం పార్లమెంటు ఒక రాష్ట్రాన్ని విభజించగలదు, సరిహద్దులు మార్చగలదు, పేరు మార్చగలదు. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి గానీ దానికి కట్టుబడనక్కర్లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్విభజన బిల్లును తిరస్కరించినా, ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఆ నిర్ణయంలోని మంచిచెడ్డలు ఇక్కడ ప్రస్తుతం కాదు, అధికారం ఎక్కడుందన్నదే ప్రస్తుతం. యూనియన్ కార్యాలయాలకు నెలవైన బ్రస్సెల్స్‌కు లక్సెంబర్గ్ సరిహద్దును ఒక్క అంగుళం జరిపే అధికారం కూడా లేదు.

తేడా అక్కడితో ఆగదు. మన దేశంలో ఏ జాబితాలోనూ లేని అంశం 248వ అధికరణం ప్రకారం కేంద్రానికి చెందుతుంది. యూరప్‌లో ఇది తలకిందులు: ఒప్పందంలో స్పష్టంగా అప్పగించనిది ఏదైనా సభ్యదేశానిదే. సుంకాల సంఘం, వాణిజ్య విధానం, ఉమ్మడి మార్కెట్‌లో పోటీ నిబంధనలు, యూరో దేశాల ద్రవ్య విధానం, సముద్రంలోని జీవవనరుల సంరక్షణ మాత్రమే పూర్తిగా యూనియన్ చేతిలో ఉన్నాయి. జాతీయ భద్రత ప్రతి సభ్యదేశపు సొంత బాధ్యత అని ఒప్పందమే చెబుతుంది. యూనియన్‌కు సొంత సైన్యం లేదు. దాని సాధారణ బడ్జెట్ సభ్యదేశాల మొత్తం ఆదాయంలో సుమారు ఒక శాతం మాత్రమే.

ఇక విడిపోవడం మాట. భారతదేశంలో రాష్ట్రం విడిపోయి వేరే దేశం కావడానికి రాజ్యాంగంలో దారి లేదు. యూనియన్ ఒప్పందంలోని 50వ అధికరణం మాత్రం బయటికి పోయే దారిని రాసిపెట్టింది. 2016 జూన్ 23న 51.9 శాతం ఓటర్లు బయటికి పోదామన్న తర్వాత బ్రిటన్ ఆ దారినే 2020 జనవరి 31న వెళ్ళిపోయింది. మూడున్నరేళ్ళ బేరసారాలు ఎంత చేదుగా సాగినా, వెళ్ళే హక్కు బ్రిటన్‌కు ఉందా లేదా అని ఎవరూ ప్రశ్నించలేదు.

అలాగని దీన్ని ఐక్యరాజ్యసమితి వంటి సంస్థ అనుకోవడమూ పొరపాటే. ఎందుకో తర్వాతి అంశం చెబుతుంది.

అపోహ: యూరప్ చట్టం ముందు జాతీయ రాజ్యాంగాలు చెల్లని కాగితాలే.

వాస్తవం: ఈ కథ ఒక కరెంటు బిల్లుతో మొదలైంది. 1962లో ఇటలీ విద్యుత్ సంస్థలను జాతీయం చేసింది. అలా జాతీయమైన ఒక కంపెనీలో వాటాదారైన మిలాన్ న్యాయవాది ఫ్లామినియో కోస్టా, రెండు వేల లీరాల లోపున్న బిల్లు కట్టనని మొండికేసి, జాతీయీకరణ యూరోపియన్ ఒప్పందానికి విరుద్ధమని వాదించాడు. 1964 జులైలో లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం అతని వాదనల్లో చాలావాటిని పక్కన పెట్టింది గానీ, దారిలో ఒక పెద్ద మాట అనేసింది: ఈ ఒప్పందం ద్వారా సభ్యదేశాలు తమ సార్వభౌమ హక్కులను కొన్ని రంగాల్లో పరిమితం చేసుకున్నాయి, కాబట్టి తర్వాత చేసుకున్న జాతీయ చట్టం యూరోపియన్ చట్టాన్ని తోసిపుచ్చలేదు. ఆ బిల్లు కన్నా దాని మీద సాగిన వ్యాజ్యానికే ఎన్నో రెట్లు ఖర్చయి ఉంటుందని నా విద్యార్థులు ప్రతి ఏడూ నవ్వుకుంటారు.

విచిత్రమేమంటే, ఇంత కీలకమైన ఆధిక్య సూత్రం నేటికీ ఒప్పందం అసలు పాఠంలో లేదు. 2005లో ఓటర్ల తిరస్కారంతో విఫలమైన యూరోపియన్ రాజ్యాంగ ఒప్పందంలో దాన్ని చేర్చారు. దాని స్థానంలో 2009 డిసెంబరు 1న అమలులోకి వచ్చిన లిస్బన్ ఒప్పందంలో మాత్రం 17వ ప్రకటనగా అనుబంధంలోకి నెట్టారు. ప్రభుత్వాలు ఆచరణలో ఒప్పుకుంటూనే, తమ పౌరుల ముందు పెద్ద అక్షరాలతో రాయడానికి జంకాయన్నది నా అభిప్రాయం.

జాతీయ రాజ్యాంగ న్యాయస్థానాలు ఈ సూత్రానికి పూర్తిగా తల వంచలేదు. అధికారాలను అప్పగించింది మేమే కనుక, ఆ హద్దు దాటారా లేదా అన్నది చివరికి మేమూ చూస్తామని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1993లో మాస్ట్రిక్ట్ తీర్పులోనూ, 2009లో లిస్బన్ తీర్పులోనూ చెప్పింది. చెప్పి ఊరుకోక, 2020 మే 5న యూరోపియన్ కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోలు వ్యవహారంలో యూరోపియన్ న్యాయస్థానం తీర్పే హద్దు మీరిందని ప్రకటించింది. యూనియన్ కార్యనిర్వాహక విభాగమైన కమిషన్ జర్మనీపై చర్య మొదలుపెట్టి, 2021 డిసెంబరులో దాన్ని ముగించింది. అదే ఏడాది అక్టోబరులో పోలండ్ రాజ్యాంగ న్యాయస్థానం యూరోపియన్ ఒప్పందంలోని కొన్ని నిబంధనలే తమ రాజ్యాంగానికి సరిపడవన్నది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. మొదటిది ఒక సంస్థ తన అధికార పరిధి దాటిందన్న ఆక్షేపణ. రెండోది న్యాయవ్యవస్థ స్వతంత్రతపై యూరప్ వేస్తున్న ప్రశ్నలకే తలుపు మూసే ప్రయత్నం.

చివరి మాట ఎవరిదన్న ప్రశ్నకు యూరప్‌లో ఒప్పుకున్న జవాబు లేదు. లక్సెంబర్గ్ తనదంటుంది, జర్మన్ న్యాయస్థానం తనదంటుంది. తెగేదాకా లాగకుండా ఇద్దరూ అరవై ఏళ్ళుగా నెట్టుకొస్తున్నారు.

అపోహ: బ్రస్సెల్స్‌ను నడిపేది ఎవరూ ఎన్నుకోని అధికారులు.

వాస్తవం: యూరోపియన్ పార్లమెంటుకు 1979 నుంచి పౌరులు నేరుగా ఓటు వేస్తున్నారు, 2024 జూన్‌లో 720 మందిని ఎన్నుకున్నారు. కమిషన్ అధ్యక్ష పదవికి ఆ పార్లమెంటు ఆమోదం కావాలి. 2024 జులైలో ఉర్సులా ఫాన్ డెర్ లాయన్‌కు 401 ఓట్లు వచ్చాయి. 1999 మార్చిలో జాక్ సాంటేర్ నాయకత్వంలోని కమిషన్ అక్రమాల ఆరోపణలపై పార్లమెంటు ఒత్తిడికి మూకుమ్మడిగా రాజీనామా చేయాల్సి వచ్చింది.

అయితే ఈ అపోహ వెనుక నిప్పు లేకపోలేదు. చట్టాన్ని ప్రతిపాదించే హక్కు దాదాపుగా కమిషన్‌ది మాత్రమే. పౌరులు ఎన్నుకున్న పార్లమెంటు ప్రతిపాదించమని అడగగలదు గానీ, తానుగా బిల్లు పెట్టలేదు. తుది రాజీలు చాలావరకు తలుపులు మూసిన గదుల్లో కుదురుతాయి. ఇంటి దగ్గర జనానికి నచ్చని నిర్ణయానికి బ్రస్సెల్స్‌లో తామే చెయ్యెత్తి, విమానం దిగాక నెపం బ్రస్సెల్స్ మీదకు నెట్టే మంత్రుల తీరు ఈ అపోహకు పోసిన ఎరువు అంతా ఇంతా కాదు.

అపోహ: రెఫరెండంలో ప్రజలు కాదంటే, అవుననేదాకా మళ్ళీ మళ్ళీ ఓటు వేయిస్తారు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. 1992లో డెన్మార్క్, యూనియన్‌ను ఏర్పరచిన మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని తిరస్కరించి, కొన్ని మినహాయింపులు సంపాదించుకున్నాక 1993లో అంగీకరించింది. ఐర్లాండ్ 2008 జూన్‌లో లిస్బన్ ఒప్పందాన్ని 53.4 శాతంతో కాదని, 2009 అక్టోబరులో 67.1 శాతంతో అవునంది. ఈ మధ్యలో ఏమీ మారలేదనడం మాత్రం సరికాదు: తటస్థత, పన్నులు, గర్భస్రావం విషయాల్లో ఐర్లాండ్‌కు హామీలు దక్కాయి, కమిషనర్ల సంఖ్య తగ్గించాలన్న ఆలోచనను మానుకుని, దేశానికొక కమిషనర్ అన్న పద్ధతినే కొనసాగించారు. యూరోలో చేరబోమని డెన్మార్క్ 2000లో, స్వీడన్ 2003లో ఓటు వేస్తే, ఆ రెండు దేశాలూ ఈనాటికీ తమ క్రోనాలనే వాడుతున్నాయి.

నన్ను ఇబ్బంది పెట్టే ఉదాహరణ మరొకటి. 2005 మే 29న ఫ్రాన్స్‌లో 54.7 శాతం, మూడు రోజులకు నెదర్లాండ్స్‌లో 61.5 శాతం ఓటర్లు యూరోపియన్ రాజ్యాంగ ఒప్పందాన్ని తిరస్కరించారు. వారిని మళ్ళీ అడగనే లేదు. అందులోని సారంలో అధిక భాగాన్ని లిస్బన్ ఒప్పందంలోకి మళ్ళించి, ఆ రెండు దేశాల్లోనూ పార్లమెంటు ఓటుతోనే ఆమోదించుకున్నారు. ఇది చట్టబద్ధమే. అయినా యూరప్ పేరెత్తగానే ముఖం తిప్పుకునే ఫ్రెంచ్ ఓటరుతో వాదించేటప్పుడు, ఈ ఒక్క విషయంలో నా దగ్గర గట్టి జవాబు లేదు.

అపోహ: యూరప్ భవిష్యత్తుపై పౌరులను అడిగారు కదా, వాళ్ళు చెప్పినట్టే మార్పులు జరుగుతాయి.

వాస్తవం: 2021 మే 9న స్ట్రాస్‌బర్గ్‌లో ‘యూరప్ భవిష్యత్తుపై సదస్సు’ మొదలైంది. 27 దేశాల నుంచి లాటరీ పద్ధతిలో ఎంచిన 800 మందిని 200 మంది చొప్పున నాలుగు చర్చామండళ్ళుగా చేశారు. వారిలో మూడోవంతు 16 నుంచి 25 ఏళ్ళ వాళ్ళు. 24 భాషల్లో అనువాదకుల సాయంతో స్ట్రాస్‌బర్గ్‌లోనూ, ఆన్‌లైన్‌లోనూ, తర్వాత డబ్లిన్, ఫ్లోరెన్స్, వార్సా, మాస్ట్రిక్ట్ నగరాల్లోనూ కూర్చున్నారు. లిథువేనియా రైతు మాట్లాడితే పోర్చుగల్ విద్యార్థిని తన భాషలో విని బదులివ్వడమన్నది చిన్న సంగతి కాదు. బయటినుంచి విమర్శించడం తేలికే గానీ, ఇన్ని భాషల్లో, ఇన్ని దేశాలవారితో ఇలాంటి చర్చ అంతకు ముందు ఆ స్థాయిలో జరగలేదు.

లోపాలూ ఉన్నాయి. లాటరీలో ఎవరి పేరైనా రావచ్చు. కానీ వారాంతాలు వదులుకుని వస్తానని ఒప్పుకునేది ఎక్కువగా యూరప్ మీద ముందే ఆసక్తి ఉన్నవారే. యూనియనే వద్దనేవారి గొంతు అక్కడ వీధిలో వినిపించినంత బలంగా వినిపించలేదు.

2022 మే 9 నాటికి 49 ప్రతిపాదనలు, వాటి కింద 300కు పైగా చర్యలు తేలాయి. వాటిలో సాహసమైనది ఇది: ఏకగ్రీవంతో తీసుకునే నిర్ణయాలన్నిటినీ విశేష మెజారిటీకి మార్చాలి, కొత్త సభ్యుల చేరికకు, మౌలిక సూత్రాల మార్పుకు మాత్రమే ఏకగ్రీవం ఉండాలి. పార్లమెంటుకు చట్టం ప్రతిపాదించే హక్కు ఇవ్వాలన్నది మరొకటి. ఈ రెంటికీ ఒప్పందాన్ని సవరించాలి. సదస్సు ముగిసిన రోజే 13 సభ్యదేశాలు, తొందరపడి ఒప్పంద సవరణకు దిగడాన్ని సమర్థించబోమని ఉమ్మడి పత్రం విడుదల చేశాయి. అతిథుల ముందు ఆకు వేసి, అన్నం ఇంకా పొయ్యి మీదకే ఎక్కలేదన్నట్టు!

పార్లమెంటు పట్టు వదలలేదు. 2022 జూన్‌లో సవరణ సమావేశం పిలవాలని కోరింది. 2023 నవంబరు 22న 291 ఓట్లు అనుకూలంగా, 274 వ్యతిరేకంగా రాగా, తన సవరణ ప్రతిపాదనలను ఆమోదించింది. 48వ అధికరణం ప్రకారం ఆ సమావేశం పిలవడానికి దేశాధినేతల మండలిలో సాధారణ మెజారిటీ, అంటే 14 ఓట్లు, చాలు. అయినా మండలి దాన్ని పిలవలేదు. పిలిచినా, సవరణ అమలు కావాలంటే 27 దేశాలూ ఆమోదించాలి. అంటే ఏకగ్రీవాన్ని తొలగించడానికీ ఏకగ్రీవమే కావాలి.

పౌరులకు మరో సాధనం ఉంది. కనీసం ఏడు దేశాల నుంచి పది లక్షల సంతకాలు సేకరిస్తే, కమిషన్ ఆ విజ్ఞప్తిని పరిశీలించి జవాబు చెప్పి తీరాలి. చట్టం తేవాల్సిన పని మాత్రం లేదు. తాగునీరు హక్కు అంటూ 16 లక్షలకు పైగా సంతకాలతో మొదట నెగ్గిన ఉద్యమం 2013 డిసెంబరులో విజ్ఞప్తి అందజేస్తే, తాగునీటి నిబంధనల సవరణ 2020లో వచ్చింది. ఏడేళ్ళు పట్టింది గానీ వచ్చింది.

అపోహ: వీటో ఉంటేనే సార్వభౌమాధికారం ఉన్నట్టు.

వాస్తవం: చట్టాల్లో అత్యధిక భాగం ఇప్పటికే వీటో లేకుండానే ఆమోదం పొందుతాయి. 27లో 15 దేశాలు ఒప్పుకుని, వాటి జనాభా యూనియన్ మొత్తం జనాభాలో 65 శాతానికి తగ్గకుండా ఉంటే చాలు. విశేష మెజారిటీ అంటే ఇదే. పన్నులు, విదేశాంగ విధానం, కొత్త సభ్యుల చేరిక వంటి చోట్ల మాత్రం ఒక్క దేశం కాదన్నా బండి ఆగుతుంది. మాల్టా వంటి చిన్న దేశపు పౌరుడికి ఆ వీటో, పెద్ద దేశాల మధ్య నలిగిపోకుండా కాపాడే ఆఖరి కంచె. ఆయన భయాన్ని వెనుకబాటుతనమని కొట్టిపారేయకూడదు. అవతలివైపు వాదన కూడా సార్వభౌమాధికారం పేరుతోనే సాగుతుంది: 2017 సెప్టెంబరులో పారిస్‌లోని సోర్బోన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్స్ అధ్యక్షుడు ఎమ్మాన్యుయేల్ మాక్రాన్ ‘యూరోపియన్ సార్వభౌమాధికారం’ అన్నప్పుడు ఆయన ఉద్దేశం, అమెరికా, చైనాల మధ్య ఒంటరి యూరప్ దేశానికి కాగితం మీద అధికారం ఉన్నా చేతిలో శక్తి ఉండదని. అప్పగించడాన్ని ఒకరు పోగొట్టుకోవడమంటారు, మరొకరు కలిసి సంపాదించుకోవడమంటారు.

వీటో ఆచరణలో ఎలా ఉంటుందో చూడాలంటే 2023 డిసెంబరు 14 చాలు. ఉక్రెయిన్‌తో చేరిక చర్చలు మొదలుపెట్టాలా అన్నది ఆ రోజు బ్రస్సెల్స్‌లో దేశాధినేతల ముందున్న అంశం. హంగేరీ ప్రధాని విక్టర్ ఓర్బాన్ అది తప్పని వాదించారు, అడ్డుకునే అధికారమూ ఆయనకుంది. నిర్ణయ సమయానికి ఆయన గదిలోంచి బయటికి నడిచారు. గదిలో మిగిలిన 26 మందీ అవునన్నారు, ఎవరూ కాదనలేదు కనుక అది ఏకాభిప్రాయమే అయింది. అదే రాత్రి ఉక్రెయిన్‌కు 5,000 కోట్ల యూరోల సాయం అంశం వచ్చేసరికి ఆయన తన కుర్చీలోనే ఉన్నారు, కాదన్నారు. ఆ నిధి మరుసటి ఫిబ్రవరి 1దాకా ఆగింది.