రంగులేని కణానికి రంగేసి చూడటం

సంక్రాంతికి ఊరెళ్ళి, ఐదో రోజు ల్యాబ్‌కి వచ్చి ఇంక్యుబేటర్ తలుపు తీస్తే క్యాన్సర్ కణాలు పెంచుతున్న నా ఫ్లాస్కులు ఆరూ పసుపు నీళ్ళలా ఉన్నాయి. వెళ్ళేటప్పుడు దానిమ్మ రసం రంగులో వదిలి వెళ్ళాను. "ఎవరైనా మీడియం మార్చండి ప్లీజ్" అని (మీడియం అంటే కణాలు పెరిగే పోషక ద్రవం) గ్రూపులో పెట్టిన మెసేజ్‌కి ముగ్గురు బొటనవేలు చూపించారు గానీ మార్చినవాళ్ళెవరూ లేరు. మా సీనియర్ అక్క మైక్రోస్కోప్ దాకా కూడా వెళ్ళలేదు. దూరం నుంచే ఒక చూపు చూసి, "పోయాయిలే, నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాచిన కణాల్లోంచి కొత్త వయల్ తీసుకో" అనేసింది.

ఆ ఎరుపు కణాలది కాదు, మీడియంలో కలిపే ఫినాల్ రెడ్ అనే రంగుది. కణాలు గ్లూకోజు తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. క్యాన్సర్ కణాలైతే ఆక్సిజన్ దండిగా ఉన్నా సరే అదే పని చేస్తాయి (ఇది 1920ల్లో జర్మనీలో ఆటో వార్‌బర్గ్ గమనించిన సంగతి). ఆమ్లం పెరిగేకొద్దీ ఎరుపు నారింజ అవుతుంది, ఆ తర్వాత పసుపు. పసుపు రంగు వచ్చి, పైగా మజ్జిగ తేటలా మసగ్గా ఉంటే బ్యాక్టీరియా దూరిందని అర్థం. అలాకాక ముదురు గులాబీ రంగుకి తిరిగితే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అయిపోయి ఉంటుంది, ఇంట్లో గ్యాస్ బండ అయిపోయినట్టే, ఎప్పుడూ శనివారం రాత్రే అయిపోతుంది.

క్యాన్సర్ ల్యాబ్ అంటే బయటివాళ్ళకి కోట్ల ఖరీదు చేసే యంత్రాలు గుర్తొస్తాయి. యంత్రాలు ఉంటాయి, కాదనను. కానీ అవన్నీ చివరికి చేసే పని చాలామటుకు ఒకటే: కణానికి రంగు లేదు కాబట్టి దానికి ఏదో ఒక రంగు పూసి చూడటం. కణజాలాన్ని పలచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే గాజు మీద గంజి ఆరిపోయినట్టు ఉంటుంది, అంతే. అందులో ఏది మంచి కణమో ఏది చెడ్డదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఇంకో సంగతి, రంగు మనం ఏ ప్రశ్న అడిగామో దానికే జవాబు చెబుతుంది, అడగనిదానికి చెప్పదు. ఈ రెండో మాట నాకు ఒంటపట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ముందు బయాప్సీ ముక్క సంగతి చూద్దాం. "చిన్న ముక్కే కదండీ, రిపోర్టుకి అన్ని రోజులెందుకు?" అని ఆసుపత్రి కౌంటర్ దగ్గర గొడవపడని కుటుంబం ఉండదు. ఆ ముక్క కుళ్ళకుండా ముందు ఫార్మలిన్‌లో నానాలి, దానికే కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా పడుతుంది. తర్వాత ఆల్కహాల్‌లో ముంచి నీళ్ళన్నీ లాగేయాలి, అది కూడా ఒక్కసారిగా కాదు, పలచని ఆల్కహాల్ నుంచి చిక్కనిదాకా మెట్లుమెట్లుగా, లేకపోతే ముక్క ముడుచుకుపోతుంది. ఆల్కహాల్‌కీ మైనానికీ పొత్తు కుదరదు కాబట్టి మధ్యలో జైలీన్ అనే మధ్యవర్తి కావాలి. ఆఖరికి 60 డిగ్రీల దగ్గర కరిగిన పారఫిన్ మైనం ముక్క లోపలికంటా ఇంకి, చల్లారితే చిన్న దిమ్మ తయారవుతుంది. ల్యాబ్‌లో అందరూ బ్లాక్ అంటారు.

ఆ దిమ్మని మైక్రోటోమ్ మీద బిగించి చక్రం తిప్పుతూ నాలుగైదు మైక్రాన్ల మందాన కోస్తారు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, అంటే వెంట్రుకని నిలువునా పదిహేను పొరలుగా చీల్చినంత పలచన. దిమ్మని ముందు ఐసు మీద పెట్టి గట్టిపరుస్తారు, కోస్తుంటే పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బన్‌లా బయటికి వస్తాయి, దాన్ని కుంచెతో ఎత్తి గోరువెచ్చని నీళ్ళ మీద వదిలితే ముడతలు విప్పుకుంటుంది, అప్పుడు కింది నుంచి గాజు స్లైడుని వాలుగా తెచ్చి పట్టుకోవాలి. రాయడానికి నాకు ఒక వాక్యం పట్టింది, నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది, ఇప్పటికీ నాకు సగమే వచ్చు. బ్లేడు మీద కంటికి కనపడని నొక్కు ఉన్నా పొర మొత్తం మీద గీత పడుతుంది. క్యాన్సర్ పరిశోధనలో పేరు రానివాళ్ళు ఎవరైనా ఉన్నారంటే నా లెక్కలో ముందు ఈ టెక్నీషియన్లే.

ఇక రంగు. మధ్య అమెరికాలోనూ మెక్సికో కాంపెచే ప్రాంతంలోనూ పెరిగే లాగ్‌వుడ్ అనే చెట్టు చేవ నుంచి హెమటాక్సిలిన్ వస్తుంది, ఒకప్పుడు బట్టలకి అద్దకం వేసిన సరుకు అది. కణం మధ్యలో ఉండే కేంద్రకానికి నేరేడుపండు రంగు పట్టిస్తుంది. రెండోది ఇయోసిన్, గ్రీకుల ఉషాదేవి పేరు మీద వచ్చిన మాట, మిగతా కణమంతా తెల్లవారుజాము ఆకాశంలా గులాబీ రంగు పూస్తుంది. ఈ జంటని అందరూ హెచ్ అండ్ ఈ అంటారు. నూటపాతికేళ్ళు దాటినా ప్రపంచంలో చాలా క్యాన్సర్లని ఖాయం చేసేది ఇంకా ఈ రెండు అద్దకం రంగులే. కేంద్రకాలు ఒక్కో సైజులో ఉన్నాయా, మరీ ముదురుగా ఉన్నాయా, వరస తప్పి పక్క పొరలోకి చొరబడ్డాయా అని పాథాలజిస్టు చూస్తారు. ఆపరేషన్ మధ్యలోనే జవాబు కావాలంటే మాత్రం మైనం దాకా పోకుండా, ముక్కని సున్నాకి ఇరవై డిగ్రీలు కింద గడ్డకట్టించి క్రయోస్టాట్ అనే చల్లటి కోత యంత్రంలో కోస్తారు. సుమారు ఇరవై నిమిషాల్లో మాట వచ్చేస్తుంది. కాకపోతే ఐసు స్ఫటికాలు కణాల్ని చిల్లులు పొడుస్తాయి, బొమ్మ అంత తేటగా ఉండదు.

రంగు చూసి ఉందో లేదో చెప్పడం ఒక ఎత్తు, ఎంత ఉందో కొలవడం మరో ఎత్తు. ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన ప్రచురించిన పద్ధతి పేరు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి: నమూనాలోని ఫాస్ఫేట్‌ని మాలిబ్డేట్‌తో కలిపి నీలం రంగు తెప్పించి, ఆ నీలం ఎంత ముదురో తెలిసిన ద్రావణంతో కలరీమీటర్‌లో పోల్చి ఫాస్ఫరస్ ఎంత ఉందో చెప్పడం. ఆ నీలం సాయంతోనే, కణాలకి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల దాకా వెళ్ళారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకి ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించిందని 1948లో రాశారు. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది. సుబ్బారావు గారు అదే ఏడాది ఆగస్టులో పోయారు.

రంగు లోతు కొలిచే ఆ పనే ఇప్పుడు 96 గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో ఒకేసారి జరిగిపోతోంది. 1983లో టిమ్ మాస్‌మన్ చెప్పిన ఎంటీటీ పరీక్ష అది. ఎంటీటీ పసుపు పొడి, బతికున్న కణాల్లోని ఎంజైములు దాన్ని వంకాయ రంగుకి మారుస్తాయి. మందు వేసిన గుంటలో వంకాయ రంగు తగ్గితే కణాలు తగ్గాయని లెక్క. చవక, తేలిక, ఎవరైనా చేయొచ్చు, అందుకే అందరూ చేస్తారు, చిక్కంతా అక్కడే. "ఫలానా ఆకు రసం క్యాన్సర్ కణాల్ని చంపేసింది" అని వాట్సాప్‌లో తిరిగే వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఇలాంటి పళ్ళెమే. అది నిజానికి చావుని కొలవదు, కణం ఎంత చురుగ్గా ఉందో కొలుస్తుంది. కణం చావకుండా నీరసపడినా రంగు తగ్గుతుంది. తిరగేస్తే, ఆకు రసంలోని విటమిన్ సి లాంటివే ఎంటీటీని నేరుగా వంకాయ రంగు చేసేస్తే చచ్చిన కణాలు కూడా నిక్షేపంగా బతికున్నట్టు కనిపిస్తాయి. అందుకే కణాలు లేకుండా ఒట్టి రసం మాత్రమే పోసిన గుంటలు కూడా పక్కన పెట్టాలి. మన పసుపులోని కర్కుమిన్‌తో ఇంకో పేచీ ఉంది, అది తనే ఒక రంగు, పైగా వెలుగుతుంది కూడా, రంగునీ వెలుగునీ కొలిచే పరీక్షలన్నిటినీ కంగాళీ చేస్తుంది. ఇంతా చేసి గుంటలో ఉప్పు నీళ్ళు ఎక్కువ పోసినా కణాలు చస్తాయి, ఉప్పుని క్యాన్సర్ మందు అనం కదా.

నాకు బాగా ఇష్టమైన కథ క్రోమోజోములది. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ ఇద్దరూ సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ కణాల్లో ఒక క్రోమోజోము మామూలుకన్నా పొట్టిగా ఉండటం చూశారు. మామూలుగా కణంలో క్రోమోజోములు నూడుల్స్ ముద్దలా చిక్కుపడి ఉంటాయి. నోవెల్ స్లైడ్లని కుళాయి నీళ్ళతో కడగడంతో కణాలు ఉబ్బి అవి విడివిడిగా పరుచుకున్నాయి. పొట్టిగా ఉందని తెలిసింది గానీ, ఆ పోయిన ముక్క ఎటు పోయిందో అప్పటి రంగు చెప్పలేకపోయింది, దానికి అన్ని క్రోమోజోములూ ఒకేలా ఉంటాయి మరి. పదమూడేళ్ళ తర్వాత షికాగోలో జానెట్ రౌలీ క్వినాక్రిన్ అనే వెలిగే రంగు వేసి చూస్తే చారలు కనిపించాయి. ఆ ఫొటోల్ని కత్తిరించి ఇంట్లో భోజనాల బల్ల మీద పరుచుకుని జతలు కలుపుతుంటే తేలింది: ముక్క పోలేదు, 22వ క్రోమోజోము నుంచి 9వ దానికి మారింది. ఇవాళ ఫిష్ అనే, జన్యువులకి వెలిగే రంగు చుక్కలు అంటించి చూసే పరీక్షలో ఒక క్రోమోజోముకి ఎరుపు చుక్క, ఇంకోదానికి ఆకుపచ్చ చుక్క అంటిస్తారు, రెండూ ఒకచోట కలిస్తే పసుపు చుక్క. ఆ కలయిక వల్ల పుట్టే ప్రోటీన్‌ని అడ్డుకునే ఇమాటినిబ్‌కి 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఫ్లో సైటోమీటర్ గురించి పెద్దగా చెప్పను, చెబితే వ్యాసమంతా అదే తినేస్తుంది. కణాల్ని సన్నని ధారలో ఒకదాని వెనక ఒకటి పంపి, సెకనుకి వేలల్లో, ప్రతిదాని మీదా లేజర్ పడేసి ఒంటి మీద ఏ రంగు యాంటీబాడీలు అంటుకున్నాయో చదువుతుంది. లుకేమియా చికిత్స తర్వాత పదివేల కణాల్లో ఒక్క చెడ్డ కణం మిగిలినా పట్టుకోగలదు.

అయితే ఇన్ని రంగులూ అడగని ప్రశ్న ఒకటి చాలాకాలం అలాగే ఉండిపోయింది: అసలు ఈ ఫ్లాస్కులో ఉన్నది ఎవరి కణాలు? 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వారపు గడ్డ నుంచి, ఆమెకి ఒక్క మాట చెప్పకుండా తీసుకున్న కణాలే హీలా కణాలు. అవి గడ్డి కన్నా మొండివి. ఒకే పిపెట్‌ని రెండు సీసాల్లో ముంచితే చాలు, పక్క సీసాలోకి ఒక్క కణం దూరి కొన్ని వారాల్లో అసలు ఇంటివాళ్ళని వెళ్ళగొట్టేస్తుంది. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ ఒక సమావేశంలో లేచి, వేరువేరు మనుషులవని అనుకుంటున్న 18 కణ వంశాల్లోనూ (ఒకరి కణాల నుంచి ల్యాబ్‌లో పెంచుతూ వచ్చేవి) దాదాపు ఆఫ్రికా మూలాలున్నవాళ్ళలోనే కనిపించే ఒక ఎంజైము రూపం ఉందనీ, ఇవన్నీ హీలాయే అయి ఉండాలనీ చెప్పారు. ఆ కణాలతో ఏళ్ళ తరబడి పేపర్లు రాసినవాళ్ళు ఆ గదిలోనే కూర్చుని ఉన్నారు! ఇంకో కణ వంశాన్ని, పేరు ఎండీఏ-ఎంబీ-435, రొమ్ము క్యాన్సర్ అనుకుని ఎన్నో ల్యాబుల్లో వాడారు, తీరా చూస్తే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలు. ఇప్పుడు డీఎన్‌ఏ వేలిముద్ర లాంటి ఎస్‌టీఆర్ పరీక్ష చేయించి పంపకపోతే చాలా పత్రికలు ఒప్పుకోవు. మా ల్యాబ్‌లో ఆ పరీక్షకి డబ్బులు అడిగినప్పుడల్లా "వచ్చే ఏడాది చూద్దాం" అనేవారు.

రొమ్ము క్యాన్సర్ రిపోర్టుల్లో హెర్2 అని ఉంటుంది చూడండి, అది గోధుమ రంగు లెక్క. హెర్2 ప్రోటీన్‌కి అంటుకునే యాంటీబాడీ వేసి, అది అంటుకున్న చోట కాఫీ పొడి రంగు వచ్చేలా చేస్తారు. కణం చుట్టూ గీసినట్టు ముదురుగా వస్తే 3+, ఏమీ లేకపోయినా, పదిశాతానికి మించని కణాల్లోనే లీలగా ఉన్నా 0, అంతకన్నా ఎక్కువ కణాల్లో లీలగా ఉంటే 1+, మధ్యలో 2+ వస్తే ఫిష్ చేసి తేలుస్తారు. 1998లో హెర్2ని అడ్డుకునే యాంటీబాడీ మందు ట్రాస్టుజుమాబ్ వచ్చాక 3+ వాళ్ళకి అది పెద్ద వరం అయింది. 0 వచ్చినా 1+ వచ్చినా రిపోర్టులో "నెగెటివ్" అనే రాసేవారు, ఆ మందుకి రెండిటికీ తేడా లేదు కాబట్టి ఎవరూ ఎక్కువసేపు చూసేవారు కాదు. 2022లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందుని, అంటే అదే యాంటీబాడీకి కీమో మందుని వీపుకి కట్టి పంపే మందుని, వ్యాధి పాకిపోయినవాళ్ళలో 1+ ఉన్నవాళ్ళకీ, 2+ వచ్చి ఫిష్‌లో నెగెటివ్ తేలినవాళ్ళకీ కూడా ఇవ్వొచ్చని అమెరికా అనుమతి ఇచ్చింది. 2025 జనవరిలో, హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ల సాయంతో పెరిగే) రకంలో, పదిశాతానికి మించని కణాల్లో లీలగా మరక ఉన్నవాళ్ళని కూడా చేర్చారు. మరక మారలేదు, ప్రశ్న మారింది. దాంతో ఒకప్పుడు నెగెటివ్ అని పక్కన పెట్టేసిన స్లైడ్లని కొన్నిచోట్ల మళ్ళీ పెద్ద లెన్సు కింద పెట్టి, పాలలో కాఫీ చుక్క పడినంత రంగు ఎక్కడైనా ఉందా అని వెతుకుతున్నారు. స్లైడు పాడైపోయినా ఫరవాలేదు, మైనం దిమ్మ చల్లటి చోట ఉంటే ఏళ్ళ తర్వాత కూడా దాన్నుంచి ఇంకో పొర కోయొచ్చు. ఆసుపత్రి మారేటప్పుడు రిపోర్టు కాగితాలతో పాటు బ్లాకులు కూడా అడిగి తీసుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే, మా పిన్నివి ఇప్పటికీ జిప్ కవర్లో పెట్టి బీరువాలో ఉన్నాయి.