సర్వేకు జవాబివ్వని వాళ్ల సంగతి: సుస్థిరత ప్రాధాన్యాల ఎంపికపై అపోహలు, వాస్తవాలు

నీరు, కాలుష్యం, కార్మికుల భద్రత, వేతనాలు, అవినీతి, వాతావరణ మార్పు... ఏ కంపెనీ ముందైనా పట్టించుకోవలసిన విషయాలు పుట్టెడు ఉంటాయి. వాటిలో ముందు వరుసలో నిలబెట్టవలసినవి ఏవో, కంపెనీ ప్రభావం పడే మనుషులతో మాట్లాడి తేల్చే పనిని మా రంగంలో మెటీరియాలిటీ అంటారు. చాలా ఏళ్లుగా ఇదే నా పని. ఏ కంపెనీకి వెళ్లినా దాదాపు అవే అపోహలు ఎదురవుతుంటాయి.

అపోహ: స్టేక్‌హోల్డర్లంటే వాటాదారులే.

వాస్తవం: ఈ తికమకలో మన అనువాదాలకూ భాగం ఉంది. షేర్‌హోల్డర్‌ను వాటాదారు అంటాం. స్టేక్‌హోల్డర్‌నూ ఒక్కోసారి వాటాదారు అనే రాసేస్తాం. మొదటివారు కంపెనీలో డబ్బు పెట్టినవారు. రెండో మాట చాలా పెద్దది. కంపెనీ పనుల వల్ల బాగుపడేవారు, దెబ్బతినేవారు, కంపెనీ నడకను మార్చగలిగేవారు అందరూ అందులోకి వస్తారు. ఉద్యోగులు, కాంట్రాక్టు కార్మికులు, సరుకు అందించేవారు, కొనేవారు, ప్రహరీ గోడకు అవతల నివసించేవారు, అందరూ. నిర్వహణ శాస్త్రంలో ఈ ఆలోచనకు గట్టి పునాది వేసింది 1984లో ఎడ్వర్డ్ ఫ్రీమన్. పెట్టుబడిదారులు ఇందులో ఒక వర్గం, అంతే. నా మటుకు నేను ‘సంబంధిత వర్గాలు’ అని రాస్తాను. అంత అందమైన మాట కాకపోయినా పొరబాటుకు తావివ్వదు.

అపోహ: అందరికీ సర్వే పంపి, ఎక్కువ మంది టిక్కు పెట్టిన అంశాన్ని పైన పెడితే పని అయిపోయినట్లే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఒక కర్మాగారంలో జరిగింది చెబుతాను. సర్వేను ఈమెయిల్‌లో పంపారు. జవాబుల్లో చాలావరకు కార్యాలయ సిబ్బందివే. సమాచార భద్రత, ఉద్యోగుల శిక్షణ మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. పని ప్రదేశంలో భద్రత ఎక్కడో అడుగున ఉంది. పెద్ద ట్యాంకుల్లోకి దిగి శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికులకు అసలు కంపెనీ ఈమెయిల్ లేదు. వాళ్లతో విడిగా కూర్చుంటామని పట్టుబట్టాం. మొదటి రెండుసార్లు సూపర్‌వైజర్ పక్కనే నిలబడ్డాడు. ‘అంతా బాగానే ఉంది సార్’ అన్నారు. మూడోసారి అతను లేకుండా, షిఫ్టు అయ్యాక, వాళ్లు టీ తాగే చోటే కూర్చున్నాం. అప్పుడు బయటపడింది: ట్యాంకులో ప్రాణవాయువు ఎంత ఉందో, విషవాయువులు ఉన్నాయో లేదో కొలవకుండానే లోపలికి దింపుతున్నారు. మూసి ఉన్న అలాంటి చోట రెండు మూడు నిమిషాల్లో మనిషి ప్రాణం పోవచ్చు. కాపాడబోయి దిగినవాడూ పోవచ్చు.

ఎన్ని వందల టిక్కులు కలిపితే ఆ ఒక్క విషయానికి సాటి వస్తాయి?

అందుకే ప్రమాణాలు కూడా ఓట్ల లెక్క నుంచి పక్కకు జరిగాయి. పర్యావరణం, సమాజం విషయంలో తమ నడత గురించి కంపెనీలు ఇచ్చే సుస్థిరత నివేదికలకు ప్రపంచంలో ఎక్కువగా వాడే ప్రమాణాలు గ్లోబల్ రిపోర్టింగ్ ఇనిషియేటివ్ (జీఆర్‌ఐ) అనే సంస్థవి. వాటిని 2021లో సవరించారు, 2023 జనవరి 1 నుంచి సవరణలు అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఒక అంశం ముఖ్యమా కాదా అన్నది, ఆర్థిక వ్యవస్థ మీద, పర్యావరణం మీద, మనుషుల మీద కంపెనీ చూపే ప్రభావం ఎంత తీవ్రమైనదో దాన్ని బట్టి తేలుతుంది. హాని ఎంత గాఢమైనది, ఎంత మేరకు విస్తరించింది, దాన్ని మళ్లీ సరిదిద్దగలమా లేదా అన్న మూడింటితో తీవ్రతను కొలుస్తారు. ఇంకా జరగని హాని అయితే జరిగే అవకాశాన్నీ చూస్తారు. మానవ హక్కుల విషయంలో మాత్రం అవకాశం తక్కువే కదా అని తోసేయడానికి లేదు, తీవ్రతదే పైచేయి. సర్వే వద్దని నేను అనను. అది వినికిడి యంత్రం లాంటిది. శబ్దాన్ని పెంచుతుంది గానీ, మాట్లాడనివాళ్ల మాట వినిపించలేదు.

అపోహ: ఒక్కో అంశాన్ని ఒక్కో చుక్కగా పెట్టి, ఏది ఎంత ముఖ్యమో చూపే మ్యాట్రిక్స్ పటం లేకపోతే కసరత్తు చేసినట్లు కాదు.

వాస్తవం: జీఆర్‌ఐ ఆ పటాన్ని తప్పనిసరి అనడం లేదు. చూపించడానికి బాగుంటుంది, కాదనను. కానీ ఒక సమావేశంలో ఓ పెద్దాయన తెర మీద వేలు పెట్టి ‘ఈ చుక్కను కాస్త కిందికి జరపండి, బోర్డు కంగారు పడుతుంది’ అనడం నా చెవులారా విన్నాను. చుక్క జరిగింది. అప్పటి నుంచి ఏ పటం చూసినా, దాన్ని గీసిన గదిలో ఎవరెవరు కూర్చున్నారని అడుగుతాను.

అపోహ: మెటీరియాలిటీ అంటే అందరికీ ఒకటే అర్థం.

వాస్తవం: ఈ మాట ఆర్థిక లెక్కల లోకం నుంచి వచ్చింది. మదుపరి నిర్ణయంలో ముఖ్యమనిపించే సమాచారమే మెటీరియల్ అని అమెరికా సుప్రీంకోర్టు 1976లోనే టీఎస్‌సీ ఇండస్ట్రీస్ కేసులో ఒక కొలత చెప్పింది. అంతర్జాతీయ సుస్థిరత ప్రమాణాల మండలి (ఐఎస్‌ఎస్‌బీ) 2023 జూన్‌లో ఇచ్చిన ఎస్1, ఎస్2 ప్రమాణాలు ఈ దారిలోనివే. బయటి లోకం నుంచి కంపెనీకి వచ్చే లాభనష్టాలను అవి పెట్టుబడి పెట్టేవారి కోసం చెప్పమంటాయి. జీఆర్‌ఐ అటు తిరిగి చూస్తుంది: కంపెనీ లోకానికి ఏం చేస్తోంది? ఐరోపా సమాఖ్య ప్రమాణాలు రెండు వైపులా చూడమంటాయి. దాన్నే డబుల్ మెటీరియాలిటీ అంటారు.

ఒక ఫ్యాక్టరీ భూగర్భ జలాలను తోడేస్తోందనుకోండి. చుట్టుపక్కల బావులు ఎండిపోవడం మొదటి కోణం. నాలుగేళ్లకు ఫ్యాక్టరీకే నీరు చాలక యంత్రాలు ఆగిపోవడం రెండోది. ఈరోజు మనుషులకు జరిగిన హాని రేపు కంపెనీ ఖాతాలోకి నష్టంగా వస్తుందని మావాళ్లు యాజమాన్యాలకు తరచూ నచ్చజెబుతుంటారు. నేనూ చెప్పాను. చాలాసార్లు నిజమే. కానీ ఎప్పటికీ ఖాతాలోకి రాని హాని కూడా ఉంటుంది. బావి ఎండినవాడు ఊరు విడిచి వెళ్లిపోతే ఆ నష్టం ఏ బ్యాలెన్స్ షీటులోనూ కనిపించదు. అలాంటి వాటి కోసమే మొదటి కోణాన్ని విడిగా చూడాలి.

అపోహ: ప్రభుత్వ అనుమతి చేతిలో ఉంటే సంబంధిత వర్గాలు ఒప్పుకున్నట్లే.

వాస్తవం: ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలో జుకన్ గోర్జ్ అనే చోట 46,000 ఏళ్ల కిందటే మనుషులు నివసించిన ఆనవాళ్లున్న రాతి గుహలు ఉండేవి. పుటు కుంటి కుర్రమ, పినికుర ఆదివాసులకు అవి పవిత్రమైనవి. రియో టింటో కంపెనీకి ఇనుప ఖనిజం తవ్వకాల కోసం 2013లో చట్టబద్ధమైన అనుమతి వచ్చింది. ఆ స్థలం ఎంత అపురూపమైనదో మరుసటి ఏడాది తవ్వకాల్లో ఇంకా స్పష్టమైంది. అయినా పథకం మారలేదు. 2020 మేలో పేలుడు తలపెట్టిన సంగతి ఆదివాసులకు తెలిసేసరికి మందుగుండు నింపడం మొదలైపోయింది. గుహలు నేలమట్టమయ్యాయి. దేశమంతా భగ్గుమంది, విచారణ జరిగింది. ఆ సెప్టెంబరులో ముఖ్య కార్యనిర్వహణాధికారితో పాటు మరో ఇద్దరు ఉన్నతాధికారులు తప్పుకుంటున్నట్లు ప్రకటన వెలువడింది. కాగితం మీద అనుమతికి ఏ లోటూ లేదు. ఏళ్ల పాటు చర్చలు జరిగాయి, ఒప్పందాలూ ఉన్నాయి. కొత్త సంగతి తెలిసినప్పుడు మళ్లీ వెళ్లి అడగడం ఒక్కటే జరగలేదు.

అపోహ: సంబంధిత వర్గాలు ఏమంటే అదే సత్యం, అదే చేయాలి.

వాస్తవం: ఇది నాలాంటి వాళ్లకు పట్టే జబ్బు. 1995లో షెల్ కంపెనీ బ్రెంట్ స్పార్ అనే పాత చమురు నిల్వ కట్టడాన్ని సముద్రం అడుగున వదిలేయబోతే పర్యావరణ ఉద్యమ సంస్థ గ్రీన్‌పీస్ అడ్డుకుంది. జర్మనీలో జనం షెల్ బంకులను బహిష్కరించారు. కంపెనీ వెనక్కి తగ్గింది. కొద్ది నెలలకే, కట్టడంలో మిగిలిన చమురు గురించి తాము చెప్పిన అంచనా తప్పని గ్రీన్‌పీస్ క్షమాపణ చెప్పింది. అయితే జనం అడిగిన అసలు ప్రశ్న, సముద్రాన్ని చెత్తకుండీగా వాడవచ్చా అన్నది, ఆ తప్పు లెక్కతో కొట్టుకుపోలేదు. చివరికి ఆ కట్టడాన్ని విడదీసి, ముక్కలను నార్వేలో ఓ రేవు విస్తరణకు వాడారు. ఎదుటివారి అంకెలను పరీక్షించండి, తప్పైతే చెప్పండి. అంకె తప్పినంత మాత్రాన ఆందోళన అబద్ధమైపోదు.

అపోహ: మూడేళ్లకోసారి చేస్తే చాలు.

వాస్తవం: ప్రాధాన్య అంశాలను ప్రతి నివేదిక కాలంలోనూ మళ్లీ చూసుకోవాలని జీఆర్‌ఐ చెబుతోంది. నా అనుభవంలో దీనికి పెద్ద సర్వేలు అక్కర్లేదు. ఫిర్యాదుల పుస్తకం తిరగేస్తే సగం పని అవుతుంది. ఫిర్యాదు చేయడానికి జనం నమ్మే మార్గం ఉండాలని, వ్యాపారం–మానవ హక్కులపై 2011లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శక సూత్రాలూ చెబుతున్నాయి. పుస్తకం ఖాళీగా ఉందంటే మాత్రం సంతోషించకండి, అనుమానించండి.

ఇక అడిగినవారికి తిరిగి జవాబు చెప్పడం అందరూ వదిలేసే మెట్టు. ఆ ట్యాంకు కార్మికుల విషయంలో నేనూ వదిలేశాను. గాలిని కొలిచే మీటర్లు కొన్నారని యాజమాన్యం చెప్పింది, నివేదికలో రాశాం, ఊపిరి పీల్చుకున్నాం. కొన్ని నెలల తర్వాత వేరే పని మీద వెళ్లి, అదే టీ కొట్టు దగ్గర ఆగాను. ‘మేం చెప్పిన సంగతి ఏమైంది సార్?’ అని ఒకాయన అడిగాడు. మీటర్లు వచ్చాయి కదా అన్నాను. వచ్చాయట. సూపర్‌వైజర్ గదిలో, తాళం వేసిన బీరువాలో ఉన్నాయట.